ఆరో రోజు రిపోర్టు

బుధవారం, సాయంత్రం

చిరంజీవి తమ్ముడికి,

అక్కయ్య దీవించి రాస్తున్నది. ఇక్కడంతా క్షేమమని మొదలుపెడదామంటే చెయ్యి రావడం లేదు. అక్కడ మీరెలా ఉన్నారని అడిగే మొహం అంతకన్నా లేదు. పది రోజులుగా నువ్వు నా ఫోను తీయడం లేదు కనుక కాగితం పట్టుకున్నాను. చించి పారేసేముందు చివరిదాకా చదువు.

నిన్న మరదలు ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడింది. మన బొంగరం పిల్ల తిండి ముట్టడం లేదని, పొద్దువాలేసరికి జ్వరం వస్తోందని చెప్పింది. ఇంక సూదులొద్దు, దాన్ని ఇంట్లో నెమ్మదిగా ఉండనిద్దాం అంటున్నావట. తండ్రివి, ఆ మాట అనే హక్కు నీకుంది.

ఏడేళ్ల పిల్లకి కాన్సర్ మందులు పనిచేయడం మానేశాయని తెలిసిన రోజు, మా ల్యాబులో చేసే వైద్యం గురించి నీకు చెప్పింది నేనే. రోగంతో పోరాడే కణాల్ని పాప రక్తంలోంచే తీసి, కాన్సర్‌ని గుర్తుపట్టడం వాటికి నేర్పి, పన్నెండు రోజులు పెంచి, తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తామన్నాను. పదిహేడేళ్లుగా కణాలు పెంచుతున్నాను, నా చేతిలో పెడితే భయం లేదని గొప్పలు కూడా పోయాను. నువ్వు నమ్మింది డాక్టరమ్మని కాదు, నన్ను.

కణాలు తీసిన రోజు గుర్తుందా? ఒక్క క్షణం కుదురుగా ఉండని పిల్ల, రెండు చేతులకీ గొట్టాలతో నాలుగు గంటలు కదలకుండా పడుకుంది. మధ్యలో నర్సుని పిలిచి, ఇంత తోడేస్తున్నారు, మళ్లీ నింపే బంకు ఎక్కడుంది అని అడిగింది. నువ్వు కూడా నవ్వావు. నీ నవ్వు విని ఎన్నాళ్లయిందో అనుకున్నాను.

ఆరో రోజు రిపోర్టు వచ్చింది. కణాలు తగినంత పెరగలేదు, పారేశాం అని. డాక్టరమ్మ ఆ మాట చెబుతుంటే నువ్వు నా వైపు చూశావు. నేను గోడ గడియారం చూశాను. పాప రక్తంలోనే సత్తువ లేదా వదినా అని మరదలు అడిగితే, అయ్యుండొచ్చు అన్నాను. అప్పటినుంచి తను, కడుపుతో ఉన్నప్పుడు నేనేం తప్పు చేశానో అని కుమిలిపోతోంది.

సోమవారం ఉదయం మరోసారి కణాలు తీయడానికి డాక్టరమ్మ మనకోసం చోటు ఉంచింది. ఆ తర్వాత పాప ఒళ్లు అంతసేపు తట్టుకోలేదంటోంది. రెండోసారి కుదిరిన పిల్లలున్నారు. నువ్వెంత మొండిఘటానివో నాకు తెలుసు. చిన్నప్పుడు నీకు మాత్ర మింగించాలంటే ఇంటిల్లిపాదీ నీ వెనక పరిగెత్తేవాళ్లం. ఈ ఒక్కసారికి నా మాట విను.

మరదలికి నా ఆశీస్సులు. బొంగరానికి ముద్దులు.

ఇట్లు,
అక్కయ్య

తా.క. గురువారం ఉదయం రాస్తున్నాను. అంటించిన కవరు మళ్లీ చించాను. పైన రాసింది చదివి నువ్వు రావు. నీ చోట ఉంటే నేనూ రాను.

పాప కణాలు బాగా పెరిగాయిరా. నాలుగో రోజుకే అనుకున్నదానికి రెట్టింపయ్యాయి. వాటిని పెంచే వెచ్చటి పెట్టె తలుపు, బయటి గాలి సోకి బూజు పట్టకుండా, రోజుకి రెండుసార్లే తీయాలి, తీసిన ప్రతిసారీ రిజిస్టరులో సంతకం పెట్టాలి. సీసా మీద పేరుండదు, నంబరే. కానీ ఆ వారం కణాలు తీసింది ఒక్క మన పాపకే. అది తెలిశాక నా చెయ్యి ఆగలేదు. అటు వెళ్లినప్పుడల్లా తలుపు తీసి, సీసా మూత విప్పి, ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టి చూసుకుని మురిసిపోయాను. సంతకాలు పెట్టలేదు. ఆరో రోజు సీసాలో బూజు కనిపించింది. దాన్ని పారేసి, పెరగలేదని రాసింది నేనే.

ఇందాక డాక్టరమ్మకి అంతా చెప్పేశాను. ఆమె నా దగ్గరున్న, ఆ పెట్టె ఉండే గది తాళంచెవి తీసేసుకుంది. సోమవారం నుంచి పాప కణాల్ని వేరొకరు చూస్తారు, నేనిక ఆ గదిలోకి వెళ్లను.

క్షమించమని అడగడం లేదు. జన్మలో నాతో మాట్లాడకపోయినా సరే. ఈ కాగితం మాత్రం మరదలికి చదివి వినిపించు. లోటు తనలో లేదు, పాప రక్తంలోనూ లేదు. సోమవారం ఎనిమిదింటికల్లా రండి. నేను ఎదురుపడను.