వ్యాన్ కింద అట్ట

మార్చి 4

వ్యాన్లు చూడ్డానికి వెళ్లాం. నేను, మావాడు, మా తమ్ముడు. కోడలు రానంది. అత్తయ్య భయాలు వినడానికి వాళ్ల తమ్ముడుగారు చాలు, మధ్యలో నేనెందుకు అందట. ఈ డైరీ ఇచ్చింది కూడా తనే. నా చెవిలో పోసేవి ఇందులో పొయ్యండత్తయ్యా, దీనికి తలనొప్పి రాదు అంది. సరే, పోస్తున్నాను.

మావాడికి సొంత వ్యాన్ కావాలి. ఇన్నాళ్లూ వాళ్లదీ వీళ్లదీ తోలాడు. ఇప్పుడు అర్జెంట్ సరుకు పని దొరికింది. ఎక్కడో ఫ్యాక్టరీలో మిషన్ ఆగిపోతుంది. దానికి కావలసిన ముక్క ఇంకెక్కడో ఉంటుంది. ఫోన్ రాగానే వెళ్లి ఎక్కించుకోవాలి, దారిలో ఎక్కడా ఆగకుండా తీసుకెళ్లి దింపాలి. ఇంకో సరుకు కలపకూడదు. లోడ్లు చెప్పడానికి ఫోన్ చేసే పిల్ల ఒకతి ఉంది. సొంత వ్యాన్ ఉంటేనే పేరు రాసుకుంటుందట. ఒక్క లోడ్ ఆలస్యమైతే ఆ పేరు కొట్టేస్తుందట. ఇది విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

నా టైలరింగ్ షాపు అమ్మింది ఈ వ్యాన్ కోసమే. మిషన్లూ పోయాయి. కత్తెర, సుద్దముక్కలు మాత్రం ఉంచుకున్నాను.

మొదటి చోట నీలం వ్యాన్. దాని పెద్దాయన ఇదే పని చేసి చేసి ఇప్పుడు మానేస్తున్నాడు. అడక్కుండానే దాని రోగాలన్నీ చెప్పాడు. చలిపొద్దున సెకండ్ గేర్ మొరాయిస్తుందమ్మా, ఎడమ తలుపు కాస్త ఎత్తి మూయాలి లేకపోతే పడదు, ఇంజన్ మాత్రం బంగారం అన్నాడు. మా పిల్లకి నోరెక్కువండీ అని ముందే చెప్పేసే తండ్రిలా ఉన్నాడు. నాకు నచ్చాడు.

తమ్ముడు నన్ను పక్కకి లాగాడు. చిన్న తప్పులు చెప్పేవాడే పెద్దది దాస్తాడక్కా, నువ్వు ఊరుకో అన్నాడు. వాడు మెకానిక్. వాడికి తెలియాలి గాని నాకేం తెలుసు.

రెండోది చిన్నది. పొడుగు పెట్టె పట్టదు. వద్దనుకున్నాం.

మూడోది తెల్లది. తమ్ముడి ఫ్రెండ్‌దట. లోపల నిలబడితే నా తల కప్పుకి తగల్లేదు. కింద చెక్క పరిచి ఉంది. సరుకు కట్టడానికి పక్కల రింగులున్నాయి. సీట్ల వెనక ఇనప జాలీ ఉంది, బ్రేకు కొడితే పెట్టె వచ్చి మెడ మీద పడకుండా. ఆ జాలీ చూశాక కాస్త ఊపిరి వచ్చింది. తమ్ముడు వ్యాన్ కిందికి దూరి టార్చి వేసి చూపించాడు. చూడక్కా, పసిపిల్ల బుగ్గలా ఉంది, ఒక్క చుక్క లేదు అన్నాడు. వంగి చూశాను. నిజమే, పొడిగా ఉంది.

అమ్మ పోయినప్పుడు వాడు నా చంకలో ఉన్నాడు. నడక నేర్పింది నేనే.

మార్చి 6

తెల్లదే కొన్నాం. నీలం వ్యాన్ పెద్దాయనకి మావాడు ఫోన్ చేసి చెప్పాడు. ఏం పర్వాలేదు బాబూ, నీ అదృష్టం బాగుండాలి అన్నాడట. ఆ మాట కూడా నాకు భయంగానే ఉంది.

మార్చి 7

షాపులో మిషన్‌కి ఆయిల్ వేసిన రోజు కింద తెల్లగుడ్డ ముక్క పరిచి తాళం వేసేదాన్ని. పొద్దున గుడ్డ మీద మచ్చ ఉంటే ఆ మిషన్ మీద కొత్త బట్ట పెట్టనిచ్చేదాన్ని కాదు. వ్యాన్‌కి అంత గుడ్డ ఎక్కడ తేను? అట్టపెట్టె విప్పి ఇంజన్ కింద పరిచాను.

మచ్చ ఎక్కడ పడితే ఏమిటో తమ్ముణ్ని విసిగించి తెలుసుకున్నాను. బాగా ముందు పడితే నీళ్లు. మధ్యలో నల్లగా పడితే ఇంజన్ ఆయిల్. చక్రం దగ్గరైతే బ్రేకు ఆయిల్, అప్పుడు బండి కదపకూడదు.

మావాడు ఒకటే నవ్వు. పసిపిల్లకి పక్కగుడ్డ మార్చినట్టు రోజూ మారుస్తావా అమ్మా అన్నాడు. మారుస్తాను. నీకు మార్చలేదా ఏం అన్నాను.

మార్చి 8

మచ్చ లేదు.

మార్చి 12

మొదటి లోడ్. నా కుట్టుమిషన్ తలకాయంత పెట్టె. అంత పెద్ద వ్యాన్‌లో అదొక్కటే. పెళ్లికి ఒక్క చుట్టమే వచ్చినట్టుంది. అయినా మావాడు దానికి నాలుగు పక్కలా బెల్టులు బిగించాడు. ఇంకా బిగించమన్నాను. అమ్మా, అది పారిపోదు అన్నాడు.

వెళ్లిన దగ్గర్నుంచి వచ్చేదాకా ఫోన్ పక్కనే కూర్చున్నాను. టైంకి ముందే దింపాడట. ఫోన్ పిల్ల మెచ్చుకుందట. ఎక్కువ మెచ్చుకోవద్దని చెప్పమన్నాను, దిష్టి.

మార్చి 20

వారానికి నాలుగైదు లోడ్లు వస్తున్నాయి. అట్ట పొడిగా ఉంటోంది. ఈమధ్య కోడలే నాకంటే ముందు లేచి చూసి చెబుతోంది. మీ అట్ట ఫస్ట్ క్లాసులో పాసయిందత్తయ్యా అంటుంది. మోకాళ్లు నొప్పులు పెట్టుకుని మీరెందుకు వంగడం, నేను చూస్తాగా అంటుంది. తిక్కమాటలేగాని మంచి పిల్ల. ఊరికే ఆడిపోసుకున్నాను.

అట్ట పొడిగా ఉంది కదా అని భయం ఊరుకుంటుందా? టైర్ల మీదికి పోయింది. ముందు టైర్లు ఒక పక్కే అరుగుతున్నాయి. చెప్పులు కూడా అలాగే అరుగుతాయి, నడక తేడా ఉంటే. మావాడికి చెప్పాను. అలైన్‌మెంట్ చేయించాడు. ఆ ఒక్కసారీ నవ్వలేదు.

ఏప్రిల్ 2

వ్యాన్ వచ్చి ఆగినప్పుడు మాడు వాసన వస్తోంది. మూకుడు పొయ్యి మీద మరిచిపోయినట్టు. మావాణ్ని అడిగితే రోడ్డు మీద ఎండ అన్నాడు. ఎండకి ఇనుము మాడుతుందా?

వ్యాన్ లోపల వెనక భాగం ఊడ్చాను. స్టెప్నీ వెనక ఖాళీ ఆయిల్ డబ్బాలు దొరికాయి. ఒకటి కాదు. ఇవేమిట్రా అంటే లోడ్‌లో వచ్చినవమ్మా అన్నాడు. ఇంకో సరుకు కలపకూడదని చెప్పింది వాడే.

ఏప్రిల్ 9

ఇవాళ అట్ట పరిచేటప్పుడు ఒక మూల సుద్దతో ఇంటూ మార్కు పెట్టాను. షాపులో బట్టకి వెనక వైపు ఏదో తెలియడానికి పెట్టేదాన్ని, చేతికి అలవాటు. అలవాటేనా? ఏమో. చేతికి తెలిసింది నాకు తెలియకపోవచ్చు.

ఏప్రిల్ 10

అట్ట పొడిగా ఉంది. మూల మార్కు లేదు. నాలుగు మూలలూ చూశాను. తిరగేసి చూశాను.

ఏప్రిల్ 11, తెల్లారుజామున

కిటికీ దగ్గర నిలబడ్డాను. కోడలు వచ్చింది. చెప్పులు లేకుండా వచ్చింది. వ్యాన్ కింద నుంచి నా అట్ట లాగింది. మధ్యలో అన్నం పళ్లెమంత నల్లటి మచ్చ. దాన్ని నాలుగు మడతలు పెట్టి పక్కింటి గోడ అవతల చెత్తలో పడేసింది. కొత్త అట్ట పరిచింది. దాని మీద కాస్త దుమ్ము కూడా చల్లింది, రాత్రంతా అక్కడే ఉన్నట్టు.

ఆ దుమ్ము చల్లడం చూశాక ఇక కిటికీ దగ్గర నిలబడలేదు. వెళ్లి పడుకుని కళ్లు మూసుకున్నాను. కాసేపటికి వచ్చి, పాసయిందత్తయ్యా అంది.

అదే రోజు, మధ్యాహ్నం

అడిగేశాను. మొదట అట్టేమిటి, మచ్చేమిటి అంది. సుద్ద మార్కు సంగతి చెప్పాను. అప్పుడు కూర్చుంది. ఏడ్చింది. అంతా చెప్పింది.

కొన్న రెండో వారం నుంచే కారుతోందట. ఇంజన్‌కీ గేరు పెట్టెకీ మధ్య ఏదో సీలు ఉంటుందట. అది మార్చాలంటే గేరు పెట్టె మొత్తం కిందికి దింపాలి, వ్యాన్ పనికి వెళ్లకుండా ఆగిపోతుంది. మావాడు మా తమ్ముణ్ని అడిగాడట. ఆ మాత్రం కారడం ఏ వ్యాన్‌కైనా ఉంటుంది అల్లుడూ, పోస్తూ తోలుకో, అక్కకి మాత్రం చెప్పకు, తెలిస్తే మన ముగ్గురి తలకాయలూ వండుకు తింటుంది అన్నాడట. అట్ట మార్చే ఉపాయం మాత్రం వీళ్లిద్దరిదీ.

మీరు భయపడతారని చెప్పలేదత్తయ్యా అంది.

నేను అన్నిటికీ భయపడతాను. ఉన్నవాటికీ, లేనివాటికీ. లేనివాటికి నన్ను చూసి నవ్వుకున్నారు, సరే. ఉన్నది ఒక్కటి ఉంటే దాన్ని దాచారు. రోజూ పొద్దున్నే లేచి, చెప్పులు కూడా విడిచి.

ఏప్రిల్ 12

తమ్ముడికి ఫోన్ చేసి నిలదీశాను. ఓస్ ఇంతేనా అక్కా అన్నాడు. ఈ ఆదివారం వచ్చి గేరు పెట్టె దింపేస్తానన్నాడు. నా మీద ఒట్టు పెట్టుకున్నాడు. కాస్త చల్లబడ్డాను. ఎంతైనా నా చేతిలో పెరిగినవాడు.

ఏప్రిల్ 13, ఆదివారం

రాలేదు. నడుం పట్టేసిందట.

ఏప్రిల్ 15, సాయంత్రం

పొద్దున ఫోన్ పిల్ల పెద్ద లోడ్ ఇచ్చింది. వెళ్లొద్దన్నాను. కాదంటే మళ్లీ ఇవ్వదమ్మా, ఇదొక్కటీ చేసి ఆపేస్తాను అన్నాడు. కోడలు నా వైపు చూడలేదు.

ఇందాక ఫోన్ చేశాడు, ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే వ్యాన్ ఆగిపోయిందట. ఇంజన్ అరుస్తోందిగాని చక్రం తిరగడం లేదట. వెనక్కి జారిందట. ఎంత దూరం జారిందని అడిగితే చెప్పడం లేదు. రాళ్లు పెట్టి ఆపానమ్మా, నేను బాగానే ఉన్నాను అన్నాడు. బాగానే ఉన్నాను అన్నప్పుడు వాడి గొంతు నాకు తెలియదా? స్కూల్లో చెయ్యి విరిగినప్పుడూ ఇదే గొంతు.

ఏప్రిల్ 16

ఇంకో వ్యాన్ వెనక తాడు కట్టుకుని ఇంటికొచ్చాడు. ఒంటి మీద దెబ్బ లేదు. తడిమి చూసుకున్నాను, ఊరుకున్నాడు.

లోడ్ ఏమైందని అడిగాను. ఫోన్ పిల్ల ఇంకొకణ్ని పంపిందట. కొండ మీద వ్యాన్ పక్కన వ్యాన్ ఆపుకుని పెట్టె మార్చారట. మావాడు నేల చూస్తూ చెప్పాడు. వచ్చింది నీలం వ్యానమ్మా, ఎడమ తలుపు కాస్త ఎత్తి మూశాడు.

ఏప్రిల్ 18

తమ్ముడి షెడ్‌కి పంపలేదు. వీధి మూల మీద, కళ్లద్దాలు పెట్టుకునే మెకానిక్ దగ్గర పెట్టాం. గేరు పెట్టె దింపాడు. నేనూ వెళ్లి స్టూల్ వేసుకుని కూర్చున్నాను. ఆయన మొదట విసుక్కున్నాడు, తర్వాత టీ ఇప్పించాడు.

సీలు ఎప్పుడో పోయిందట. కారిన ఆయిల్ క్లచ్ ప్లేటుకి పట్టింది. కాళ్లకి నూనె రాసుకుని మెట్లెక్కినట్టు అది జారింది. మాడు వాసన దానిదే. ఇంతకాలం కారుతుంటే కొనేటప్పుడు చూసుకోలేదా అన్నాడు. అప్పుడు పొడిగానే ఉందన్నాను. ఉంటుందమ్మా, ఎందుకుండదు అని లోపలికి స్క్రూడ్రైవర్ పెట్టి ఏదో లాగాడు. తారు ముద్దలా ఉంది. గుడ్డ. చుక్క బయట పడకుండా అడుగున దట్టంగా కూరారట. పీల్చుకున్నన్నాళ్లు పీల్చుకుంది, నిండాక కారడం మొదలైందట. అమ్మేవాళ్లు చేసే పనేనమ్మా ఇది అన్నాడు.

ఇలా ఇవ్వు అన్నాను. పెట్రోలులో ముంచి పిండాను. ఆకుపచ్చ గళ్లు బయటికొచ్చాయి. ఒక స్కూలు పిల్లల చొక్కాలకి నేను కుట్టిన బట్ట అది. అంచులు చూశాను. మడిచి కుట్టి ఉన్నాయి. చేతులు తుడుచుకునే పీలికలకి ఈ లోకంలో ఎవరైనా అంచు కుడతారా? నేను కుట్టాను. దారాలు ఊడి ఇంజన్లలో పడి తమ్ముడికి మాట వస్తుందని, మిగిలిన ముక్కలన్నిటికీ కూర్చుని అంచు కుట్టి, సంచుల కొద్దీ వాడికి ఇచ్చేదాన్ని.

మెకానిక్ ఏంటమ్మా అన్నాడు. ఏం లేదు, నా కుట్టే అన్నాను.

ఏప్రిల్ 19

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి.

ఏప్రిల్ 21

ఫోన్‌లో తమ్ముడికి గుడ్డ సంగతి చెప్పాను. దాంతో వాడే అసలు సంగతి మొదలుపెట్టాడు. వ్యాన్ ఫ్రెండ్‌ది కాదట. వాడిదేనట. బాగుచేసి లాభానికి అమ్ముదామని కొన్నాడట, చెయ్యలేకపోయాడట. షెడ్‌లో అడ్డంగా పడి ఉందట.

మరి బయటివాళ్లకి అమ్మకపోయావా అన్నాను.

బయటివాళ్లు గుడ్డ కూడా లాగి చూస్తారక్కా అన్నాడు.

ఘాట్ రోడ్డు మీద వెనక్కి జారాడురా వాడు అన్నాను. పోస్తూ తోలుకోమన్నాను కదక్కా, పొయ్యలేదేమో అన్నాడు. పెట్టేశాను.

ఎన్ని భయాలు పడ్డాను. టైర్లు, బ్రేకులు, జాలీ, లారీలు, వాన, నిద్ర, ఫోన్ పిల్ల. ఇన్నిట్లో వాడొక్కడి గురించి భయపడలేదు. ఆ ఒక్కచోట గుండె మీద చెయ్యి వేసుకుని హాయిగా ఉన్నాను.

ఏప్రిల్ 28

సీలు మార్చారు, క్లచ్ మార్చారు. ఫోన్ పిల్ల ఇంకా చెయ్యలేదు. మావాడు ఫోన్ జేబులోంచి తీస్తాడు, చూస్తాడు, పెట్టుకుంటాడు.

పొద్దున కోడలు వచ్చి నిలబడింది. మీరే చూడండత్తయ్యా, నేను ముట్టుకోలేదు అంది. వంగి చూశాను. మూల మార్కు ఉంది. మధ్యలో ఒక చిన్న చుక్క. మావాణ్ని లేపాను. వాడు నవ్వకుండా వచ్చి, వ్యాన్ కిందికి దూరి, వేలితో తాకి, వాసన చూసి, రాత్రి వ్యాన్ కడిగిన నీళ్లమ్మా అన్నాడు. నేనూ తాకి చూశాను. నీళ్లే. అయినా అడిగి మంచిపని చేశానన్నాడు.

వాడి మాట నమ్మలేదని కాదు. తాకి చూశాను, అంతే. ఇక అలాగే చూస్తాను.

మే 1

ఫోన్ పిల్ల చేసింది. చిన్న లోడ్, దగ్గరదే. చాలు.

మే 3

తమ్ముడు వచ్చాడు. రమ్మనలేదు. వాడు ఎప్పుడూ కూర్చునే కుర్చీ వేశాను. దాని కింద అట్ట పరిచాను. మూల ఇంటూ మార్కు పెట్టాను. ఎవరూ నవ్వలేదు. టీ తాగినంతసేపూ కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక పైకే పట్టుకుని కూర్చున్నాడు.