సున్నా ఎక్కడ పెట్టాలి

జూన్ 12, గురువారం

గౌరవనీయులైన బావగారికి,

మీ మరదలి నమస్కారాలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. ఇద్దరం అంటే నేనూ, మీ అమ్మాయీ. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాయడం పద్ధతి. కానీ నేనలా తలవడం లేదు. పన్నెండు రోజులుగా మీకు తిండీ నిద్రా లేవని మీ సెక్షన్ గుమస్తా మా అంతస్తు దాకా మెట్లెక్కి వచ్చి మరీ చెప్పాడు. పాపం, ఆయన ఎంతో బాధగా చెప్పాడు. నేను విని ఇంకో కప్పు కాఫీ తెప్పించుకున్నాను.

మర్యాద అయిపోయింది. ఇక నువ్వు అనే రాస్తాను. అక్క పెళ్ళినాటి నుంచీ అదే అలవాటు కదా.

పదిహేడు సార్లు ఫోన్ చేశావు. ఎత్తలేదు. రెండుసార్లు మా ఆడిట్ గది గుమ్మం దాకా వచ్చి, లోపల నలుగురు ఉండేసరికి నోటీసు బోర్డు చదువుతున్నట్టు నటించి వెళ్ళిపోయావు. ఆ బోర్డు మీద పోయినేటి సెలవుల జాబితా తప్ప ఇంకేం లేదు బావా, అంత శ్రద్ధగా ఏం చదివావో. నీకు తెలియాల్సింది ఒకటే. నీ కూతురు పిచ్చుక ఇంటికి ఎందుకు రావడం లేదు, ఈ పిన్ని దాని చెవిలో ఏం ఊదింది. చెప్తాను. తీరిగ్గా, వరసగా చెప్తాను. ఈ ఉత్తరం రాయడానికి పదకొండేళ్ళు కాచుక్కూచున్నాను, ఒక్క ముక్క కూడా వదిలిపెట్టను.

అసలు దీనికి దారి చూపించింది నువ్వే. మన రోడ్డు భద్రత శాఖలో అమ్మాయికి ట్రైనీగా ఉద్యోగం వచ్చిందని మెట్ల మీద నన్ను ఆపి చెప్పావు. నీ దగ్గర వేసుకుని పని నేర్పు, నీ అంత నిక్కచ్చిగా నేర్పేవాళ్ళు ఈ బిల్డింగులో ఎవరున్నారు అన్నావు. అక్క పోయాక నువ్వు నాతో మాట్లాడిన మాటల్లో అన్నిటికన్నా పొడుగైంది అదే. చేతిలో ఫైలు ఉండబట్టి సరిపోయింది గానీ లేకపోతే చప్పట్లు కొట్టి ఉండేదాన్ని. వెతుక్కునే పని లేకుండా నువ్వే తెచ్చి నా చేతికిచ్చావు.

నేర్పాను. నీ మీద కోపాన్ని దాని చదువు మీద చూపించలేదు, ఆ ఒక్క విషయంలో నన్ను నమ్ము. మొదటి రోజు మెరిసే జాకెట్టు తొడిగి రోడ్డు అంచున నిలబెట్టి, వచ్చే బండికి ఎప్పుడూ వీపు చూపించొద్దని చెప్పాను. రెండో రోజు నుంచి నాలుగు రోడ్ల కూడలిలో కుర్చీ వేసి బండ్లు లెక్కపెట్టించాను. ఎడమకి తిరిగేవి ఎన్ని, కుడికి తిరిగేవి ఎన్ని, మధ్యలో బిక్కుబిక్కుమంటూ దాటే మనుషులు ఎందరు. సాయంత్రానికి మొహం కందిపోయింది, కళ్ళు ఎర్రబడ్డాయి. మర్నాడు రాదనుకున్నాను. టోపీ కొనుక్కుని నాకంటే ముందే వచ్చి కూచుంది. ఇది అచ్చం మా అక్క కూతురే, ఇందులో నీ పాలు ఏమీ లేదని అప్పుడే అనుకున్నాను.

మూడో వారం ప్రమాదాల నివేదికలు చదివించాను. ప్రతి దాంట్లోనూ డ్రైవరు నిర్లక్ష్యం అనే రాసి ఉంటుంది, అక్కడితో ఆగిపోతే మనకి ఈ ఉద్యోగం దేనికి అన్నాను. మనిషన్నవాడు పొరపాటు చేస్తూనే ఉంటాడు, ఆ పొరపాటుకి ప్రాణం పోకుండా రోడ్డు ఉందా లేదా అన్నదే మనం చూడాల్సింది అన్నాను. అది బుద్ధిగా పుస్తకంలో రాసుకుంది. రాసుకున్నాక తలెత్తి, మా అమ్మ కాగితంలో కూడా నిర్లక్ష్యం అనే రాశారా పిన్నీ అనడిగింది. నేను ఇంకో నివేదిక దాని ముందుకి జరిపాను. ఒకరు చెప్తే నమ్మే పిల్ల కాదది. దానంతట అదే కొలిచి, లెక్కేసి, నీ దగ్గరికి రావాలి. అలా వస్తే ఇంక నువ్వు ఏ సాకు చెప్పినా తోసేస్తుంది.

నాలుగో వారం బ్లాక్‌స్పాట్లు, అంటే పదే పదే ప్రాణాలు పోయే చోట్లు, ఎలా తేలుస్తారో నేర్పాను. నీకు కొట్టిన పిండే అయినా రాస్తాను, దానికి చెప్పిన మాటలు చెప్పినట్టు నీకు తెలియాలి. అరకిలోమీటరు రోడ్డు ముక్క, మూడేళ్ళ కాలం, ఐదు చావులు. ఐదుంటే ఆ ముక్క జాబితాకెక్కుతుంది. ఎక్కితే ఇనప కంచె వస్తుంది, హెచ్చరిక బోర్డులు వస్తాయి, రోడ్డు వాలు సరిచేస్తారు. నాలుగే ఉంటే ఎవరూ అటు తొంగి చూడరు. అంచేత ముక్కని ఎక్కణ్ణుంచి కొలుస్తాం, సున్నా ఎక్కడ పెడతాం అన్న దాని మీదే మనుషుల ప్రాణాలు ఆధారపడతాయని చెప్పాను. చెప్పి, కొలత చక్రం చేతికిచ్చి జీపు ఎక్కించాను.

ఎక్కడికో నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. సిమెంటు ఫ్యాక్టరీ దాటాక క్వారీ పక్కనున్న మలుపుకి. వాళ్ళమ్మ పోయిన చోటు నువ్వు దానికి ఎప్పుడూ చూపించలేదట కదా. అటు వెళ్ళాల్సి వస్తే చుట్టు తిప్పి ఇంకో దారిన తీసుకెళ్ళేవాడివట. జీపులో ఈ మాట చెప్తూ, నాన్నకి ఇంకా బాధ పోలేదు పిన్నీ అని నిన్ను వెనకేసుకొచ్చింది. నేను ఒళ్ళో ఉన్న కాగితాల కట్ట విప్పాను.

పాత నివేదికలు ఐదూ దాని చేతిలోనే పెట్టాను, అక్కకి ముందు ఆ మలుపులో పోయిన ఐదుగురివి. అవి చూసుకుంటూ రోడ్డు అంచున సుద్దతో ఐదు గుర్తులు పెట్టింది. చక్రం తోసుకుంటూ మలుపు మొదలు నుంచి చివరి దాకా నడిచింది. నాలుగు వందల పది మీటర్లు. ఐదు గుర్తులూ అందులోనే ఉన్నాయి. మరైతే ఇది అమ్మ పోయిన ఏడాది జాబితాలో లేదేం అని దానికే అనుమానం వచ్చింది. పాత పటం తీసి చూపించాను. మలుపు నడిమధ్యలో కిలోమీటరు రాయి ఉందిగా, సున్నా ఆ రాయి దగ్గర పెట్టారు. మలుపు రెండు ముక్కలైంది. ముగ్గురు ఇటు, ఇద్దరు అటు. ఏ ముక్కకీ ఐదు లేవు.

అది రాయి పక్కన నిలబడి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. ఒకసారి కాదు, మూడుసార్లు. పటం మీద తేదీ చూసింది. వాళ్ళమ్మ పోవడానికి సరిగ్గా నాలుగు నెలల ముందు. అప్పుడు నేను ఆరో గుర్తు కూడా పెట్టమన్నాను. అవును బావా, నేనే అన్నాను. ఆ రోజు మధ్యాహ్నం అక్క ఫ్యాక్టరీ బడిలో పాఠాలు చెప్పి స్కూటరు మీద ఎక్కడి దాకా వచ్చిందో, ఎక్కడ జారిందో, ఎక్కణ్ణుంచి క్వారీలో పడిందో చూపించి మరీ పెట్టించాను. సుద్ద రెండుసార్లు విరిగింది.

ఇలా కొలవమని సంతకం పెట్టిందెవరు అనడిగింది. ఫైల్లోంచి ఆ కాగితం తీసి ఇచ్చాను. దానికి ఆ సంతకం చదివి చెప్పాల్సిన పని లేదు, చిన్నప్పుడు మార్కుల కాగితాల మీద చూసిందేగా. నీ వైపు నుంచి చెప్పాల్సింది కూడా చెప్పాను, పిన్ని అన్యాయంగా మాట్లాడిందని రేపు నువ్వనకూడదు. ఏడు చోట్లకి మించి బాగుచేయలేమని పైనుంచి మాట వచ్చిందనీ, నీ జాబితాలో ఎనిమిది తేలాయనీ, ఎనిమిదోది ఇలా మాయమైందనీ చెప్పాను. నాన్నకి తెలుసా పిన్నీ అంది. తెలిసే పెట్టాడు అన్నాను.

ఏడవలేదు. చక్రం మడిచి జీపు వెనక పెట్టింది. ఊళ్ళోకి వచ్చాక డ్రైవరు మీ వీధి వైపు తిప్పబోతే, అటు కాదు, పిన్ని వాళ్ళింటికి పోనీ అంది. అప్పట్నుంచీ నా రెండు గదుల కొంపలోనే ఉంది. నిన్ను నాన్న అనడం మానేసింది బావా. ఆయన అంటోంది.

కంచె సంగతి కూడా వినేసెయ్. అక్క పోయిన రెండు నెలలకి నువ్వే పోయి ఆ మలుపుని ఒకే ముక్కగా కొలిచి తెచ్చావు, కంచె వేయించావు, అందరూ నిన్ను మెచ్చుకున్నారు. మొన్న నేనూ పిచ్చుకా ఆ కంచె పొడుగునా నడిచి సొట్టలు లెక్కపెట్టాం. పద్నాలుగు. పద్నాలుగు బండ్లు గుద్దుకుని ఆగాయి, వాటిలో మనుషులు దిగి బట్టలు దులుపుకుని ఇంటికి పోయారు. మొదటి సొట్ట అక్క స్కూటరుది కావలసింది. కాలో చెయ్యో విరిగేది, మనిషి మిగిలేది.

ప్రతి ఏడూ అక్క పోయిన తేదీన నువ్వు సెలవు పెడతావు. నేను ఆ రోజు కావాలనే పెందలాడే వచ్చి, కింద మీ సెక్షన్ తలుపు దగ్గర నిలబడి నీ ఖాళీ కుర్చీని చూసి పైకెళ్ళేదాన్ని. నీ సెక్షన్ వదిలి ఆడిట్‌కి మారిందీ, ఆ పరీక్షలన్నీ రాసిందీ, టైరు గీతలు చూసి బండి ఎంత వేగంతో వచ్చిందో లెక్కకట్టడం నేర్చుకుందీ, కొలతలమ్మ అని అందరూ నవ్వుతున్నా పట్టించుకోనిదీ, అన్నీ నీ మీద కసితోనే. ఎంతమంది ప్రాణాలు కాపాడారో మేడమ్ అంటూ ఆమధ్య నాకు శాలువా కప్పారు. వాళ్ళకేం తెలుసు.

నువ్వు నా అక్కని తీసుకున్నావు, నేను నీ కూతుర్ని తీసుకున్నాను. చెల్లుకి చెల్లు. అది రాదు. వెళ్ళమని నేనూ చెప్పను. నువ్వొచ్చి గుమ్మంలో నిలబడినా తలుపు తీసేది అదే, వేసేదీ అదే.

ఇక సెలవు.

ఇట్లు,
నీ మరదలు

తా.క.

సంతకం పెట్టేసి కవరు కోసం లేచాను. వంటింట్లో పిచ్చుక గిన్నెలు తోముతోంది. రేపు బట్టలు తెచ్చుకోడానికి ఒక్కసారి ఆ ఇంటికి పోయొస్తాను, ఆయనకేదో రాస్తున్నావుగా, నేనే ఇచ్చేస్తాలే అంది. తరవాత చెయ్యి తుడుచుకుంటూ, మా ఇంట్లో ఇన్నాళ్ళకి నాకు నిజం చెప్పింది నువ్వొక్కదానివే పిన్నీ అంది. ఎంత మామూలుగా అందో. నేను మళ్ళీ వచ్చి ఇక్కడ కూచున్నాను.

దానికి నేను చూపించింది పటమూ, నీ సంతకమూ మాత్రమే. ఆ సంతకం కాగితం వెనకాల పిన్ను చేసిన లెక్క కాగితం ఒకటి ఉంది. దాన్ని ముందు రోజే ఊడదీసి నా బీరువాలో దాచాను. అందులో అంకెలన్నీ నా చేతిరాత.

సున్నా రాయి దగ్గర పెడదామన్నది నేను. ఉద్యోగంలో చేరి రెండో నెల. ఎనిమిదిని ఏడు చేయడం ఎలాగో తెలియక నువ్వు తల పట్టుక్కూచుంటే, నా తెలివి చూపించుకోవాలని, రాయి దగ్గర్నుంచి కొలిస్తే మూడూ రెండూ అయిపోతాయి చూడు బావా అంటూ కాగితం తెచ్చి నీ ముందు పెట్టాను. గంతులేశాను కూడా. నువ్వు నవ్వలేదు. రెండు రోజులు దాన్ని బల్ల మీదే ఉంచుకున్నావు. నేనే పూటకోసారి వచ్చి, నేను చేసిన మొదటి పని ఇది, దీన్ని కూడా నమ్మవా అని సతాయించాను. మూడో రోజు సంతకం పెట్టావు. పెట్టడం నీ తప్పే. ఆ తప్పుని నేను క్షమించను, నువ్వూ అడగొద్దు.

అక్క పోయిన వారానికి ఫైళ్ళ గదిలో నువ్వు నాతో ఒకే మాటన్నావు. సంతకం నాది, నీ లెక్క సంగతి ఎవరి దగ్గరా ఎత్తకు అన్నావు. అంతే. చిన్నపిల్ల, దీని బతుకు పాడవకూడదని అనుకుని ఉంటావు. ఒక్కసారి నా చెంప పగలగొట్టి, నువ్వే చంపావే దాన్ని అని అరిచి ఉంటే నేను బతికిపోయేదాన్ని. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అనలేదు. మెట్ల మీద ఎదురైతే పక్కకి తప్పుకుని దారి ఇచ్చావు. నీ మంచితనం చూస్తే ఒళ్ళు మండిపోయేది నాకు. దాన్ని పగ అని పిలుచుకుని పదకొండేళ్ళు గడిపాను. చివరికి నీ కూతుర్ని కూడా నీకు కాకుండా చేశాను.

లెక్క కాగితం ఈ కవర్లోనే పెట్టాను. కవరు అతికించడం లేదు. బస్సులో అంతా చదువుకోమని చెప్పి మరీ దాని చేతికిస్తాను. చదివాక అది ఇక్కడికి తిరిగి రాదు, తెలుసు. ఒకవేళ చదవకుండా నీకిస్తే, నువ్వే ఎదురుగా కూచోబెట్టి మొదటి నుంచీ చదివి వినిపించు. నిజమేనా అని అడుగుతుంది. అవునని చెప్పు. ఈసారి నన్ను కాపాడకు.