ఓడ ఆగని రేవు

టొరంటో,
1997 నవంబరు 12.

ప్రియమైన ఒలివెట్ అక్కకు,

క్రిస్మస్ కార్డు రావలసిన రోజులకంటే ముందే ఉత్తరం వచ్చిందేమిటా అని కంగారుపడకు. ఇక్కడ అందరం కులాసా. వార్త మంచిదే.

ఫిబ్రవరికి నాకు అరవై నిండుతాయి కదా. పోయిన ఆదివారం చర్చి నుంచి రాగానే లోర్నా, కెల్విన్ కలిసి నన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఒక కవరు చేతిలో పెట్టారు. తీరా చూస్తే ఓడ టిక్కెట్లు! "అమ్మా, ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల ఇళ్లు తుడిచి మమ్మల్ని చదివించావు. ఒక్క వారం నీ పక్క ఇంకెవరైనా సర్దనీ" అన్నాడు కెల్విన్. వాడు అలా మాట్లాడే రకం కాదు. ఎక్కడ నేర్చుకున్నాడో.

బార్బడోస్‌లో ఎక్కి ఏడు రోజులు దీవులన్నీ తిరగడమట. లోర్నా, దాని కూతురు టెస్సా, కెల్విన్, నేను. "నాలుగో రోజు ఎక్కడాగుతుందో చూడు" అంది లోర్నా. కళ్లజోడు పెట్టుకుని చూశాను. బెక్వే అని ఉంది. మన బెక్వే.

ఫిబ్రవరి 18, బుధవారం. పొద్దున ఎనిమిదింటికి వస్తుంది, సాయంత్రం నాలుగింటికి కదులుతుంది. పెద్ద ఓడ బయటే ఆగుతుంది, చిన్న పడవల్లో మమ్మల్ని రేవుకు చేరుస్తారు. ముప్పై ఒక్క ఏళ్ల తర్వాత ఎనిమిది గంటలు. తక్కువే, తెలుసు. కానీ లేనిదానికంటే ఎక్కువ.

రేవుకు వస్తావా అక్కా?

ఎప్పటికీ నీ చెల్లెలు,
వెల్డా

*

బెక్వే,
1997 డిసెంబరు 3.

వెల్డాకు,

ఉత్తరం అందింది.

ఓడలో వస్తున్నావన్నమాట. ఇక్కడ ఓడలు కొత్త కాదు, సీజనులో వారానికి రెండు వస్తాయి. ఎండ సోకని కాళ్లతో దిగుతారు, మా ఇంటి ముందు సీమపనస చెట్టుకు ఫొటో తీసుకుంటారు, నేను గుమ్మంలో నిలబడితే నాకూ తీస్తారు, నాలుగింటికి వెళ్లిపోతారు. నువ్వూ ఆ వరసలోనే దిగుతావు కాబోలు.

అమ్మ పోయినప్పుడు నీకు సెలవు దొరకలేదు. పుట్టినరోజుకు దొరికింది. సంతోషం.

నీకు తెలియదేమో, రెండు రోజులు అమ్మను ఆపాం. ఆగస్టు నెల ఎండ. సెయింట్ విన్సెంట్ నుంచి ఐసు తెప్పించి చుట్టూ పేర్చాం. "చెల్లెలు బయల్దేరి ఉంటుంది ఫాదర్, ఈ రాత్రికి ఆగండి" అని నేనే బతిమాలాను. మూడో రోజు పొద్దున నీ టెలిగ్రాం వచ్చింది. సెలవివ్వలేదు, క్షమించు. రెండే మాటలు. మాట మాటకీ డబ్బు కడతారు కనుక మూడోది రాయలేదు కాబోలు.

రేవు ఎవరి సొత్తూ కాదు, దిగేవాళ్లు దిగొచ్చు. నేను వచ్చేదీ రానిదీ ఆ రోజు నా మోకాళ్లు చెబుతాయి.

నీ మనవరాలు కారం తింటుందా? ఉప్పుచేప ముట్టుకుంటుందా? లేదంటే ముందే రాయి. వండింది పారబోయడం నావల్ల కాదు.

ఒలివెట్

*

టొరంటో,
1998 జనవరి 8.

ప్రియమైన అక్కకు,

ఎన్ని తిట్టినా పడతాను. నువ్వు ఎక్కడ తిట్లు ఆపి తిండి దగ్గరికి వచ్చావో అక్కడ మాత్రం పదిసార్లు చదువుకున్నాను.

టెస్సాకు ఆరేళ్లు. కారం అలవాటు లేదు, కానీ మొండిది, ఎవరైనా 'నువ్వు తినలేవు' అంటే తిని తీరుతుంది. నీ పోలికే.

అమ్మ సంగతి ఎదురుగా కూర్చుని చెబుతాను. అది కాగితం మీద చెప్పేది కాదు. విన్నాక నన్ను కొట్టాలనిపిస్తే కొట్టు, నిలబడతాను. రేవుకు మాత్రం రా.

కోరలీకి ముద్దులు. నేను వచ్చేటప్పుడు తొమ్మిదేళ్ల పిల్ల, నా పెట్టె మీద ఎక్కి కూర్చుని 'పిన్నీ, వెళ్లకు' అంటూ దిగనంది. ఇప్పుడు దానికి నలభై అంటే నమ్మబుద్ధి కావడం లేదు.

నీ ప్రేమను కోరే,
వెల్డా

*

ఓడ మీద నుంచి,
1998 ఫిబ్రవరి 19.

నా బంగారు అక్కకు,

ఈ రోజు గ్రెనడాలో ఆగాం. పిల్లలు జాజికాయ తోటలు చూడటానికి వెళ్లారు. కాళ్లు నొప్పులని చెప్పి నేను ఉండిపోయాను. నీకు రాయకపోతే నాకు అన్నం సహించదు.

నిన్న ఆరింటికే తయారై పై అంతస్తులో కటకటాలు పట్టుకుని నిలబడ్డాను. ముందు కొండ కనిపించింది, తర్వాత చర్చి కప్పు. "అమ్మమ్మా, నీ ఊరు ఇంతేనా? నా చెయ్యి అడ్డం పెడితే కనిపించడం లేదు" అంది టెస్సా. "చెయ్యి తియ్యవే" అన్నాను. అంత విసుగ్గా దాన్ని ఎప్పుడూ అనలేదు.

సముద్రం మాత్రం మంచిగా లేదు. ఎనిమిదిన్నరకు మైకులో కెప్టెన్ మాట వినిపించింది. అలలు పెద్దవిగా ఉన్నాయి, చిన్న పడవలు దించడం క్షేమం కాదు, బెక్వేలో దిగడం లేదు, మన్నించాలి. చుట్టూ ఉన్నవాళ్లు "పోనీలే, ఈతకొలను ఉందిగా" అనుకుంటూ వెళ్లిపోయారు. నేను అక్కడే ఉండిపోయాను. 'మళ్లీ రాలేదనుకుంటుంది, అక్క మళ్లీ రాలేదనుకుంటుంది' అని ఒకటే మాట అంటూ కూర్చున్నానట. నాకు గుర్తు లేదు, లోర్నా చెప్పింది.

లోర్నా పరుగెత్తి ఒక ఆఫీసరును పట్టుకుంది. "ఒక్క మనిషిని సార్, మా అమ్మ ఒక్కదాన్ని దించండి చాలు" అని. ఆయన కసురుకోలేదట. "మా అమ్మయినా ఈ రోజు దించను తల్లీ, అందుకే మీ అమ్మనూ దించను" అన్నాడట.

అప్పుడు కెల్విన్ అరిచాడు. "అమ్మా, పడవ!"

రేవులోంచి ఒక నీలం పడవ వస్తోంది. అల లేస్తే కనబడుతోంది, పడితే మాయమవుతోంది. ఒక మగమనిషి చుక్కాని దగ్గర, పసుపు గౌను వేసుకుని గడ్డి టోపీ పెట్టుకున్న ఆడమనిషి తెరచాప కొయ్య పట్టుకుని నిలబడి. నాకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. ముప్పై ఒక్క ఏళ్లలో నువ్వు ఏమీ మారలేదక్కా! అదే నడుము, అదే చెయ్యెత్తడం. అలలకు భయపడకుండా అలా నిలబడగలిగేది మన ఊళ్లో నువ్వొక్కదానివే.

నేను అరిచాను. గాలి మాటలన్నీ ఎత్తుకుపోయింది. నువ్వు గుండె మీద చెయ్యి పెట్టుకుని నా వైపు చూపించావు. నేనూ అలాగే చేశాను. పక్కనున్న ఒక తెల్లావిడ "ఎవరండీ ఆవిడ?" అని అడిగింది. "మా అక్క" అన్నాను. ఆ మాట పైకి అని ఎన్నాళ్లయిందో. ఆవిడ చప్పట్లు మొదలుపెట్టింది, ఇక అంతస్తంతా చప్పట్లే.

కింద నీళ్లకు దగ్గరగా ఉన్న తలుపులోంచి ఒక నావికుడు పొడుగాటి కొక్కెంతో పడవలోంచి నీ తిండి బుట్ట అందుకున్నాడు. మూడుసార్లు తప్పి నాలుగోసారి చిక్కింది. తనే మోసుకొచ్చి ఇచ్చాడు. "అమ్మగారూ, మాది సెయింట్ విన్సెంట్. మూత తియ్యకముందే తెలిసింది ఇది మన వంటని" అన్నాడు. నిప్పుల్లో కాల్చిన సీమపనస, ఉప్పుచేప, కందుల అన్నం. నలుగురం నేల మీద కూర్చుని, అతనికీ ఒక ముక్క పెట్టి తిన్నాం. టెస్సా కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంటూనే "ఇంకొంచెం" అంది. ఓడలో రోజూ ఆరు పూటలు పెడతారక్కా. నేను తిన్నది మాత్రం నిన్ననే.

నువ్వు ప్రాణాలకు తెగించి నా దగ్గరికి వచ్చావు కనుక నేనూ ధైర్యం చేసి చెబుతున్నాను.

అమ్మ పోయినప్పుడు సెలవు దొరకలేదన్నది అబద్ధం. నాకు కాగితాలు లేవు. ఆరు నెలలకని వచ్చి ఉండిపోయినదాన్ని, మా ఆయన హాలిస్‌కీ అంతే. దేశం దాటితే మళ్లీ రానివ్వరు. లోర్నాకు నాలుగేళ్లు, కెల్విన్‌కు రెండు. నీ టెలిగ్రాం చేతిలో పట్టుకుని పెట్టె రెండుసార్లు సర్దాను, రెండుసార్లూ విప్పాను. సిగ్గుతో నీకు రాయలేదు. కెనడాలో దర్జాగా ఉన్నానని ఊరంతా చెప్పుకుంటున్నారని నువ్వే రాసేదానివి కదా, ఎలా రాయను? తర్వాత కాగితాలొచ్చాయి. వస్తానని రాస్తే, 'నువ్వు లేకపోయినా సమాధి మీద గడ్డి మొలిచింది, ఇప్పుడేం పని' అన్నావు. అది న్యాయమే అనుకున్నాను.

నిన్న ఆ పడవ చూశాక నాకిక బాకీ ఏదీ లేదనిపించింది. దేవుడికీ, పిల్లలకీ, నీకూ దండం.

నీ చెల్లెలు,
వెల్డా

*

బెక్వే,
1998 మార్చి 9.

నా చిన్నారి వెల్డాకు,

పడవలో నిలబడింది నేను కాదు.

ముందు ఇది చెప్పేస్తే తక్కినది రాయగలను. అది కోరలీ. చుక్కాని పట్టింది దాని మొగుడు ఆర్టన్. 'ఏమీ మారలేదక్కా' అన్న చోటు దానికి చదివి వినిపిస్తే నవ్వలేక పొట్ట పట్టుకుంది. నాకు పళ్లు ఆరు లేవు, నడుము పీపాలా ఉంది, మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాలి. నువ్వు వెళ్లేటప్పుడు నాకు ముప్పై ఐదు. కోరలీలో ఆ వయసు అక్కను చూసుకున్నావు. నీ తప్పు లేదు.

నేను రాలేదు వెల్డా. ఓడ ఆగినా రేవుకు వచ్చేదాన్ని కాదు. రెండు రోజులు వంట చేశాను, బుట్ట సర్దాను, కోరలీకి ఇచ్చి "నువ్వెళ్లి ఇచ్చిరా" అన్నాను. "అమ్మా, నువ్వు?" అంది. "వండటం వేరు, వెళ్లడం వేరు" అన్నాను.

దిగడం లేదని రేవులో తెలియగానే అది వగరుస్తూ ఇంటికొచ్చింది. "ఓడ వెళ్లిపోతుందమ్మా, పడవ తీస్తున్నాం, రా" అంది. నేను చెప్పిన మాట నీకు రాయడానికి సిగ్గుగా ఉంది. "మళ్లీ తప్పించుకుంది, చూశావా?" అన్నాను. కోరలీ నన్ను ఎప్పుడూ ఎదిరించదు. ఆ రోజు గుమ్మంలో నిలబడి, "సముద్రం లేస్తే అది కూడా పిన్ని తప్పేనా అమ్మా? నీకు అక్కర్లేకపోతే నాకు కావాలి" అని నా పసుపు గౌను, నా టోపీ తీసుకుని వెళ్లిపోయింది. పిన్ని గుర్తుపట్టాలని అవి వేసుకుందట. గుర్తుపట్టావు!

ఆ అలల్లో బిడ్డ వెళ్తోందంటే నేను ఇంట్లో కూర్చోగలనా? మోకాళ్లు తిట్టుకుంటూ, తిమింగలాల కోసం కాపుకాసే గుట్ట ఎక్కాను. ముసలి సిల్వన్ అక్కడే ఉన్నాడు, ఇప్పుడూ పొద్దస్తమానం సముద్రం చూస్తూనే ఉంటాడు. "ఆ దుర్భిణీ ఇలా ఇవ్వు" అని లాక్కున్నాను. ముందు పడవే చూశాను. రెండుసార్లు కనిపించకుండా పోయింది. రెండుసార్లూ దేవుడికి ఏమేమో మొక్కాను.

తర్వాత ఓడ మీదికి తిప్పాను. వెల్డా కోసం వెతికాను. ఎర్ర బూట్లు వేసుకుని, పెట్టె ఊపుకుంటూ, వెనక్కి చూడకుండా పడవెక్కిన పిల్ల కోసం. ఆ పిల్ల ఎక్కడా లేదు. కటకటాల దగ్గర ఒక చిన్న ముసలావిడ ఉంది. నెరిసిన జుట్టు, ఎముకల గూడు. వెనక నుంచి కూతురు గట్టిగా పట్టుకుంది. ఎవరో పాపం అనుకున్నాను. అప్పుడు ఆవిడ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని ముందుకీ వెనక్కీ ఊగింది. నాన్న పడవ తిరిగి రాని రోజున అమ్మ అచ్చం అలాగే ఊగింది.

చెల్లీ, ఇరవై నాలుగేళ్లు నేను కోపం పెట్టుకున్నది ఒక పడుచు పిల్ల మీద. ఆ పిల్ల ఇక ఎక్కడా లేదని ఆ గుట్ట మీద తెలిసింది. తలగుడ్డ విప్పి చాలాసేపు ఊపాను. నువ్వు పడవనే చూస్తున్నావు. "అంత దూరం ఎవరికి కనబడుతుందే ఒలివెట్?" అన్నాడు సిల్వన్. "నువ్వు ఊరుకో" అన్నాను.

కాబట్టి నీ కాగితాల సంగతి చదివే సరికే నా కోపం అయిపోయింది. అది ముందు తెలుసుకో. సంజాయిషీ విని క్షమించానని అనుకోవద్దు.

ఇప్పుడు నా సంజాయిషీ. అమ్మ చివరి వారంలో నా చెయ్యి పట్టుకుని, "వెల్డాను రమ్మని రాయకు. రాలేని బిడ్డను పిలిచి ఏడిపించకు. దానికి అక్కడేదో ఇబ్బంది ఉంది, నా దగ్గర దాస్తోంది. రాకపోతే తిట్టకు" అంది. ఎలా పసిగట్టిందో తెలియదు. కడుపున కన్నది కదా. పగలూ రాత్రీ ఎత్తి దించింది నేను, ఆమె చివరి మాట నీ కోసం. నాకు మండిపోయింది. ఆ మాట నీకివ్వకుండా ఇన్నేళ్లు దాచుకున్నాను. అది నీది. ఇదిగో, ఇస్తున్నాను. నన్ను కొట్టాలనిపిస్తే కొట్టు, నేనూ నిలబడతాను.

నీ ఉత్తరం సమాధి దగ్గర కూర్చుని పైకి చదివాను. చదవడం అయ్యాక, నాకు అలాంటి కూతుర్ని ఇచ్చినందుకు, నీకు ఆ పిల్లల్ని ఇచ్చినందుకు, పేరు తెలియని ఆ నావికుడి కొక్కెం నాలుగోసారి తగిలినందుకు, ఒక్కొక్కటీ చెప్పి దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. చాలాసేపు పట్టింది.

లోర్నా కోరలీకి ఫోను చేసిందట. వాళ్లిద్దరూ నన్ను అడగకుండానే అంతా మాట్లాడేసుకున్నారు. జులై నాలుగున నాకు టొరంటో విమానం. కింగ్స్‌టౌన్ వెళ్లి పాస్‌పోర్టుకు ఫొటో దిగాను. నవ్వొద్దన్నాడు ఫొటో అబ్బాయి, పళ్లు లేనిదాన్ని నేనెందుకు నవ్వుతానన్నాను.

ఒక ఫొటో ఇందులో పెడుతున్నాను. ఇది బాగా చూసుకో. విమానాశ్రయంలో మళ్లీ ఇంకెవరినో చూసి అక్కా అనేవు. నీ అక్క ఇదే.

ఒలివెట్