హులిగమ్మ మడికి నేను వేసిన అడ్డు

పూజ్యులైన నాన్నగారికి,

మీ చిన్నమ్మాయి లావణ్య పాదాలంటి నమస్కరించి రాసేది. ఇక్కడ నేను కులాసా. మీరు, అమ్మ, తమ్ముడు బాగున్నారనుకుంటాను. నానమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? చూడి గేదె ఈనిందా? ఈనితే జున్ను నా వాటా కూడా తమ్ముడే తినేసి ఉంటాడు, వాడి సంగతి నాకు తెలుసు.

ఫోనుండగా ఉత్తరమేమిటని కంగారుపడకండి. ఒంట్లో బాగానే ఉంది. ఫోను చేస్తే అమ్మ స్పీకరు పెడుతుంది, మన ఆంధ్రావాళ్ళ కేంపులో సగంమంది వింటారు. ఇది ముందు మీరొక్కరే చదవాలి. చదివాక అమ్మకి చెప్పాలనిపిస్తే చెప్పండి.

రాయచూరు ఎండలు వానాకాలంలో కూడా తగ్గవు నాన్నా. ఒక జల్లు పడుతుంది, వెంటనే నేలంతా ఆవిరి కక్కుతుంది. హాస్టల్లో రాత్రి రొట్టె, పగలు అన్నం. సాంబారు తియ్యగా ఉంటుంది, అందులో బెల్లమెందుకో నాకిప్పటికీ అర్థం కాదు. ఆదివారం పొద్దున్న మాత్రం వగ్గాణి పెడతారు. బొరుగులు నానబెట్టి పోపు వేసి, పక్కన మిరపకాయ బజ్జీ. అది తింటే వారమంతా తిన్న సాంబారు మర్చిపోవచ్చు. బాగానే తింటున్నాను, చిక్కలేదు, అమ్మకి చెప్పండి.

ఇక అసలు సంగతి. నా గదిలో హులిగమ్మ అని ఒకమ్మాయి ఉందని చెప్పాను కదా. ఆ అమ్మాయంటే నాకు కుళ్ళు నాన్నా. పైకి స్నేహంగానే ఉంటాను. లోపల కుతకుతలాడిపోతాను.

మొదటి వారమే మొదలైంది. మా వ్యవసాయం క్లాసులో ఒక్కొక్కరికి ఒక్కో వరి మడి ఇచ్చారు. ఊడ్పుల దగ్గర్నుంచి కోత దాకా మేమే చూసుకోవాలి, దానికి మార్కులు. నేనేమో అందరి ముందూ కోతలు కోశాను, మాది వరి రైతుల ఇల్లు, వరి గురించి నాకెవరూ చెప్పక్కర్లేదని. తీరా మడిలో దిగాక తెలిసింది, మన పొలంలో నేను ఏనాడూ మోకాళ్ళ దాకా దిగలేదని. కూలీలకి టీ ఫ్లాస్కు పట్టుకుని గట్టు దాకా వెళ్ళడమే నా వ్యవసాయం. రెండు వరసలు వేసేసరికి నా నడుం పట్టేసింది. నా మొక్కలు సగం నీళ్ళమీద తేలాయి. పక్క మడిలో హులిగమ్మ వంచిన నడుం ఎత్తకుండా వెనక్కి జరుగుతూ మొత్తం నాటేసి, నా మడిలోకి వచ్చి తేలినవన్నీ గుచ్చిపెట్టింది.

"నువ్వేందే, టీకప్పు పట్టుకున్నట్ల పట్టుకుంటవు నారు" అంది. క్లాసంతా నవ్వింది. వాళ్ళమ్మతో కలిసి కేంపుల్లో నాట్ల కూలికి వెళ్ళేదట చిన్నప్పటినుంచి. ఎవరికి తెలుసు, మన మడిలో కూడా నాటిందేమో.

అక్కడితో ఆగిందా? మెస్సులో వండే ఆవిడ నాకు రెండు జొన్నరొట్టెలిస్తే హులిగమ్మకి మూడు, పైన వెన్న. "మా పిల్ల" అంటుంది. నేనెవరి పిల్లనో మరి! అమ్మ పంపిన ఆవకాయ జాడీ మూత తీసింది నేను, మొదటి ముద్ద తిన్నది హులిగమ్మ. ఫోన్లో అమ్మ నన్నడిగే మొదటి మాట "ఆ పిల్ల తిందా? పాపం, పరాయి ఊళ్ళో ఒక్కతే ఉంటుంది." నేనెక్కడున్నాను నాన్నా, మన వరండాలోనా? పోయిన నెలలో అమ్మ దసరా సెలవులకి హులిగమ్మని కూడా తీసుకురమ్మని పిలిచేసింది. నన్ను ఒక్కమాట అడగలేదు.

పడుకోగానే నిద్ర పడుతుంది ఆ అమ్మాయికి. శనివారం శనివారం హనుమప్ప గుడికి వెళ్తుంది, చేతులు జోడించి ఒక్క నిమిషం నిలబడుతుంది, ఏమీ అడగదు. నేనేమో చాంతాడంత జాబితా చదువుతాను స్వామికి. ఈసారి జాబితాలో ఇది కూడా చేర్చాను: స్వామీ, నా మడి హులిగమ్మ మడి కంటే పచ్చగా ఉండాలి, పదకొండు ప్రదక్షిణలు చేస్తాను. తిట్టకండి. మొక్కింది మొక్కాను.

మడులకి నీళ్ళు ఒకే బోదెలోంచి వస్తాయి. ముందు హులిగమ్మ మడి, దాని దిగువన నాది. రెండో దఫా యూరియా చల్లిన రోజు మా సారు గట్టిగా చెప్పాడు, మడిలో నీళ్ళు తీసేసి చల్లండి, రెండు రోజులు కొత్త నీళ్ళు పెట్టొద్దు, ఎరువు మట్టికి పట్టాలి అని. విన్నాను, పుస్తకంలో రాసుకున్నాను కూడా. మర్నాడు పొద్దున్న మడి చూడ్డానికి వెళ్తే ఏముంది, బోదె నిండా నీళ్ళు. హులిగమ్మ మడికి గండి తీసి ఉంది. నీళ్ళు అప్పుడే సన్నగా లోపలికి దిగుతున్నాయి. నా మడి మాత్రం ఎండి ఉంది. హులిగమ్మ టిఫినుకి వెళ్ళినట్టుంది, అక్కడ లేదు.

సారు చెప్పింది ఒక్క ముక్క గుర్తు రాలేదు నాన్నా. బోదెలో నీళ్ళు పారుతుంటే, అవి పక్కవాళ్ళ మడిలోకి పోతుంటే చూస్తూ నిలబడే రక్తమా మనది? వచ్చిన నీళ్ళు వచ్చినప్పుడే పెట్టుకోవాలి, రేపు వస్తాయో రావో. పుట్టినప్పటినుంచి మనింట్లో విన్నమాట అదే కదా. రెండు చేతులతో బురద తీసి హులిగమ్మ గండి పూడ్చేశాను. కాలితో తొక్కాను కూడా. నీళ్ళన్నీ నా మడికి తిప్పుకున్నాను. మడి నిండి, దిగువ గట్టు మీంచి పొర్లి మురుక్కాలవలోకి పోతుంటే, చూసి మురిసిపోయాను. నీళ్ళతోపాటు నా యూరియా కూడా పోతోందని బుర్రకి తట్టలేదు.

పది రోజులకి తెలిసింది నిర్వాకం. నా మడి పాలిపోయి జబ్బుపడ్డ పిల్లలా ఉంది. పక్కన హులిగమ్మది ముదురాకుపచ్చగా, పిలకలు వేసి దుబ్బులు కట్టింది. సారు గట్టుమీద అందరినీ నిలబెట్టి, ఎరువు వేశాక నీళ్ళు ఆపడమంటే ఏమిటో చూడండని హులిగమ్మ మడి చూపించి శభాష్ అన్నాడు.

అప్పుడైనా నోరు మూసుకుని మెచ్చుకోలు తీసుకోవచ్చు కదా! ఆ మహాతల్లి ఏమందో తెలుసా? "నేను ఆపలే సార్. నేనే గండి దీసిన. బోదెల నీళ్ళు జూస్తే ఆగబుద్ధి గాలే, మడి నిండితే ఎట్లుంటదో ఒక్కసారి జూద్దామనుకున్న. మళ్ళొచ్చేసరికి ఎవరో మూసిన్రు."

సారు ఎవరు మూశారని అడిగాడు. "హనుమప్పే మూసుంటడు సార్" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నా మొహం ఎలా ఉందో దేవుడికే తెలియాలి.

ఆ శనివారం హనుమప్పకి కొబ్బరికాయ కొట్టాలని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. తలనొప్పి అన్నాను, వినలేదు. గుళ్ళో కాయ కొట్టించి, ఒక చెక్క నా చేతిలో పెట్టి, "నువ్వుగూడ మొక్కు, నీ మడి గూడ కోలుకుంటది" అంది. నా మడి కోసం ఆవిడ మొక్కిందట! ఓర్వలేనితనం నాది, కాయ ఆవిడది, మధ్యలో పేరు స్వామిది. కొబ్బరిచెక్క పట్టుకుని బయట మెట్లమీద కూలబడ్డాను. 

"హులిగా, ఆ గండి పూడ్చింది హనుమప్ప కాదు. నేను" అన్నాను.

"మంచే జేసినవు గదా" అంది.

"మంచికి కాదు. నీ మడిలోకి నీళ్ళు పోతుంటే చూడలేక పూడ్చాను. నీ మడి ఎండిపోవాలనే పూడ్చాను."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. వచ్చి నా పక్కన మెట్టుమీద కూర్చుంది.

"మా ఊరు కాలవ తోకకున్నది" అంది. "నాకు బుద్ధి దెల్సిన కాన్నుంచి పైనోళ్ళు నీళ్ళు మూస్తనే ఉన్రు. మా నాయన వరి ఇడిసి పత్తి బెట్టిండు, పత్తి ఇడిసి బెంగుళూరుకు బిల్డింగు పనికి వోయిండు. గానీ నేనే మూసిన అని మొగం ముందర జెప్పినోళ్ళు ఇంతవరకు ఒక్కరు లేరే లావణ్యా. నువ్వే మొదలు."

అన్నిట్లో మొదట ఉండాలని ఏడ్చాను కదా నాన్నా, ఇందులో వచ్చాను.

లేచి వచ్చేస్తుంటే అడిగింది, "మీ కేంపు ఏ కాలవ మీదున్నది?" అని. నాకు తెలియదు, అవన్నీ మా నాన్న చూసుకుంటారు అన్నాను. వరి రైతు కూతురు, వ్యవసాయం చదివే పిల్ల, తన కాలవ పేరు తెలియదంటే ఎవరు నమ్ముతారు? ఆవిడేమో సోమవారం పొద్దున్నే వచ్చి నా మడిలో కలుపు తీసింది. ఆ మంచితనం చూసినా నాకు అసూయే, ఏం చెయ్యను!

వాళ్ళ ఊరి పేరు నాకు తెలుసు. మన కాలవే. మన కేంపు దాటాక ఆఖరున.

ఆ పిల్ల చేతులు చూసి కుళ్ళుకున్నాను, రొట్టెకి కుళ్ళుకున్నాను, అమ్మ మాటకి కుళ్ళుకున్నాను. నన్ను చూసి ఆ పిల్ల కుళ్ళుకోవడానికి ఏముందా అని వెతికాను. ఒక్క నీళ్ళే ఉన్నాయి. వాటిలో వాళ్ళ వంతు కూడా ఉంది.

దసరాకి హులిగమ్మ మనింటికి వస్తుంది. అమ్మ పిలిచింది, ఆ పిల్ల వస్తానంది, ఇక ఆగదు. కాలవగట్టు మీద నడవకుండా ఉండదు, నీళ్ళంటే ప్రాణం. గట్టు కింద నుంచి, మన వంతు కాని రోజుల్లో కూడా నీళ్ళు లాగాలని, మీరు వేసిన పైపు కనబడుతుంది. అది ఎవరిదని నన్నడుగుతుంది. ఈసారి తెలియదని చెప్పలేను నాన్నా. మాదే అని చెప్తాను. మీరు పక్కనే ఉంటారు కదా, ఆ తర్వాత మాట మీరు చెప్పండి.

కోపం తెచ్చుకోకండి. వేళకి అన్నం తినండి, ఎండలో పురుగుమందు కొట్టకండి. నానమ్మకి, అమ్మకి నా దండాలు. తమ్ముణ్ణి చదువుకోమనండి. ఎదురుగా ఉంటే మీ మొహం చూసి ఇంత చెప్పలేకపోయేదాన్ని. మీ చల్లని చెయ్యి నా తలమీద ఉందనే ధైర్యంతో రాశాను.

మీ కూతురు,
లావణ్య