వైనో మామయ్య తెచ్చిన టైటిల్

చిరంజీవి ఆర్వోకు,

అక్క సైమీ దీవించి రాస్తున్నది. ఇంట్లో పొయ్యి వెలుగుతోంది, అమ్మ రెండు పూటలా తింటోంది, కుక్క పక్కింటి కోళ్ళ జోలికి వెళ్ళడం మానేసింది. కాబట్టి మేమంతా క్షేమమనే అనుకో. నువ్వూ నీ ఓడా ఈ నవంబరు గాలులకు చిక్కకుండా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. డెట్రాయిట్ దగ్గర టపా పడవవాళ్ళు ఈ ఉత్తరాన్ని బకెట్లో వేసి నీ ఓడ పైకి అందించేసరికి ఎన్నాళ్ళవుతుందో. తడవకుండా రెండు కవర్లలో పెట్టాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. పొగగొట్టం శుభ్రం చేయించాను. ఆవిరిగది తలుపు ఇంకా బిగుసుకుపోయే ఉంది. అది నీ పని, నీకే వదిలేశాను. అమ్మకు డులూత్ ఆసుపత్రిలో రేడియేషన్ అయిపోయింది. గొంతు నొప్పి తగ్గింది గానీ మాట బాగా సన్నబడింది. డాక్టరు జనవరిలో మళ్ళీ చూస్తానన్నాడు. అంతకు మించి ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇక, "మామయ్య కారు టైటిల్ తెచ్చాడా?" అని అడిగావు. తెచ్చాడు, పోయిన ఆదివారం. ఆ ఒక్క ముక్క రాసి ఊరుకుందామనుకున్నాను, మనసొప్పలేదు.

వైనో మామయ్య దగ్గర పాత కారు కొన్నవాళ్ళు మన ఊళ్ళో ఎవరూ టైటిల్ అడగరు కదా. డబ్బిచ్చి తాళాలు తెచ్చుకోవడమే. కారు మనదని చెప్పే ఆ కాగితాన్ని ఆయనే ఓ ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని ఇంటికి తెస్తాడు. కాఫీ తాగి, ఏలకుల రొట్టె రెండు ముక్కలు తిని, బండి నడిపేవాళ్ళ చేతిలో పెట్టి వెళ్తాడు. నాన్న ఉన్న రోజుల్లో మనింటికీ అలాగే వచ్చాడు. అడగడమంటే ఆయన్ని దొంగ అన్నట్టే. అందుకే ఆగస్టులో ఆ బూడిదరంగు కారు కొన్నాక ప్రతి ఆదివారం అమ్మ రొట్టె కాల్చి కూర్చుంది. ఆయన రాలేదు. మిగిలిన రొట్టెలన్నీ నేను పనిచేసే బడి వంటగదికి మోశాను. ఇప్పుడు పిల్లలు నన్ను రొట్టె అత్త అని పిలుస్తున్నారు.

ఈలోగా వెనక అద్దానికి అంటించిన తాత్కాలిక నంబరు కాగితం గడువు తీరింది. టైటిల్ లేనిదే అసలు నంబరు పలకలు ఇవ్వరు. సిగ్గు విడిచి రెండుసార్లు ఆయన దుకాణానికి వెళ్ళాను.

"వచ్చే వారం తెస్తాలే, తల్లీ" అన్నాడు, నా మొహం చూడకుండా.

"పోయిన వారం కూడా వచ్చే వారమే అన్నావు, మామయ్యా."

"ఆఫీసుల్లో ఆలస్యం. నన్నేం చెయ్యమంటావ్?"

అక్టోబరులో హైవే మీద పోలీసు ఆపిన సంగతి నీకు రాశాను. ఆ రోజు పూర్తిగా రాయలేకపోయాను. అమ్మ మెడకు రుమాలు చుట్టుకుని పక్క సీట్లో ఉంది. కారు ఎవరిదని అడిగాడు. మాదేనన్నాను. "మీదేనని కాగితం ఏదైనా ఉందా అమ్మా?" అన్నాడు. ఏముంది నా దగ్గర? మర్యాదస్తుడే పాపం, అమ్మను తన బండిలో వెచ్చగా కూర్చోబెట్టాడు. అయినా మన కారును గొలుసు కట్టి లాక్కెళ్ళారు. ఆ రోజు చికిత్స తప్పిపోయింది. అమ్మ ఒళ్ళో సంచి పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది. నాకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువ వచ్చింది.

దానికి నువ్వు "కోర్టుకు మాత్రం వెళ్ళకు అక్కా" అని జవాబు రాశావు. నాన్న పడవ తిరిగి రాని రోజున, మంచు కురుస్తుంటే చీకటి పడేదాకా సరస్సు మీద వెతికింది మామయ్య ఒక్కడేనని గుర్తు చేశావు. నేను మర్చిపోయానా ఆర్వో? నాన్న టోపీ తెచ్చి ఆయన నా చేతికే కదా ఇచ్చాడు!

గురువారాలు గ్రంథాలయంలో ఉచితంగా సలహా చెప్పే లాయరమ్మ మిసెస్ ట్రెంబ్లే దగ్గరికి వెళ్ళాను.

"ఫలానా రోజులోగా ఇమ్మని ముందు ఉత్తరం రాయి, రిజిస్టర్డ్ పోస్టులో పంపు" అంది. "ఇవ్వకపోతే డీలర్లకు లైసెన్సులిచ్చే ఆఫీసులో ఫిర్యాదు పెట్టు. లేదా కారు తిరిగిచ్చేసి, డబ్బు ఇప్పించమని చిన్న దావాల కోర్టుకెళ్ళు. రసీదు ఉందిగా."

"ఆయన దగ్గర అంత డబ్బు ఉంటేగా ఇవ్వడానికి."

"అందుకే ఇంకో దారి ఉంది. డీలరన్నవాడు ముందే ఓ కంపెనీ దగ్గర పూచీగా బాండ్ తీసుకోవాలి. రేపు వాడు మోసం చేస్తే..."

"వాడు అనకండి."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. "సరే, ఆయన. ఆయన మాట తప్పితే బాండ్ కంపెనీ కట్టాలి. కానీ క్లెయిమ్ పడితే ఆయన లైసెన్సు నిలవడం కష్టం. ఆలోచించుకో."

ఉత్తరం రాశాను గానీ పోస్టు చెయ్యడానికి చెయ్యి రాలేదు. నేనే పట్టుకెళ్ళాను. మామయ్య నిలబడే చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"టైటిల్ నా దగ్గర లేదే సైమీ, బ్యాంకు దగ్గరుంది. నా కార్లన్నీ వాళ్ళ అప్పుతో తెచ్చినవే. కారు అమ్మగానే వాళ్ళది వాళ్ళకు కడితే కాగితం వదుల్తారు. మీరిచ్చింది పాత బాకీలకు పోయింది. గని మూసేశాక కార్లు కొనేదెవరు?"

"ముందే చెప్పొచ్చుగా మామయ్యా!"

"మీ అమ్మకు ఏ మొహం పెట్టుకుని చెప్పను?" జేబులోని ఉత్తరం తడుముకుని, "బాండ్ మీద క్లెయిమ్ వెయ్యి" అన్నాడు.

"వేస్తే దుకాణం పోతుందట."

"అది ఎప్పుడో పోయింది, బోర్డు ఒక్కటే మిగిలింది. వెయ్యకపోతే నీతో మాట్లాడను, పో!"

ఆర్వో, నీకు దాచింది ఇదే. వెళ్ళకన్న నీ ఉత్తరం బల్ల మీద ఉండగానే క్లెయిమ్ కాగితాల మీద సంతకం చేశాను. ఆ తర్వాత నీకు రాసిన ఉత్తరాల్లో మంచు గురించీ కుక్క గురించీ రాస్తూ కూర్చున్నాను. మామయ్య లైసెన్సు రద్దయింది, దుకాణం మూతపడింది. ఆయనే వెయ్యమన్నాడని నేను తప్పించుకోను. అమ్మ చికిత్స ఆగకూడదని వేశాను. మళ్ళీ అలాంటి రోజే వస్తే మళ్ళీ వేస్తాను, మళ్ళీ ఇలాగే ఏడుస్తాను.

క్లెయిమ్ వేసినట్టు చూపించాక గానీ పోలీసులు కారును విడిచిపెట్టలేదు. అప్పుడు ఇంకో తాత్కాలిక నంబరు కాగితం ఇచ్చారు. అప్పటిదాకా అమ్మను రోజూ డులూత్ తీసుకెళ్ళింది ఎవరనుకున్నావ్? మామయ్యే. నేను సంతకం చేసిన మర్నాడు కూడా తన ట్రక్కులో వచ్చి హారన్ కొట్టాడు. అమ్మకు అంతా తెలుసు. అయినా మామూలుగానే ఎక్కింది. దారిలో ఏం మాట్లాడుకున్నారని సాయంత్రం అడిగితే, "చేపల గురించి" అంది.

చివరికి బాండ్ కంపెనీ బ్యాంకుకు కట్టింది, టైటిల్ లాయరమ్మకు చేరింది. ఆవిడ ఫోన్ చేసి, "ఆయన వచ్చి కూర్చున్నాడు. తనే మీ ఇంటికి తెస్తాడట. ఇవ్వమంటావా?" అని అడిగింది. ఇవ్వమన్నాను.

ఆదివారం ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. ట్రక్కు కూడా అమ్మేశాడట, నడిచి వచ్చాడు. బూట్ల నిండా మంచు. అమ్మ రొట్టె కోసి పెట్టింది. కాఫీ తాగి, టైటిల్ తీసి అమ్మ వైపు చాపాడు. "నడిపేది అది" అని అమ్మ నన్ను చూపించింది. నా చేతిలో పెట్టాడు. ఒక్క ముక్క రొట్టెతోనే లేవబోయాడు.

"కూర్చో వైనో. రెండో ముక్క తినకుండా ఎప్పుడు లేచావ్ ఈ ఇంట్లో?" అంది అమ్మ, ఆ మిగిలిన గొంతుతోనే.

తల వంచుకుని తిన్నాడు. ఆయన లేచాక అమ్మ నాతో, "చలిగా ఉంది, ఇంటి దగ్గర దింపి రా" అంది.

దారంతా ఆయన మాట్లాడలేదు. మూసిన దుకాణం దాటుతున్నప్పుడు కూడా అటు తిరగలేదు. అవమానంతో కుమిలిపోతున్నాడనుకుని నేనూ నోరు మెదపలేదు. తీరా ఇంటి ముందు దిగుతూ అన్నాడు: "ముందరి ఎడం చక్రం బేరింగు అరుస్తోంది. వస్తున్నంతసేపూ విన్నాను. చలి ముదరకముందే మార్పించు. మీ అమ్మ ఎక్కి తిరిగే బండి."

"ఎవరి దగ్గర మార్పించను, మామయ్యా?" అన్నాను. ఊళ్ళో ఆ పని చేసే చోటు ఆయనది ఒక్కటే. నేను మూయించింది అదే. ఆయన కారు తలుపు మెల్లగా వేసి ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

జనవరిలో సరస్సులు గడ్డకట్టి ఓడ కట్టేశాక నువ్వొస్తావు. నా మీద కోపం ఉంటే దాన్నీ వెంట తెచ్చుకో, పడతాను. ఇవాళ నాన్న షెడ్డులో వలలన్నీ ఓ పక్కకు జరిపి కారు పట్టేంత చోటు చేశాను. రేపు ఈ ఉత్తరం పోస్టులో వేసి, అటు నుంచి అటే మామయ్య ఇంటికి వెళ్తాను. పనిముట్ల పెట్టె పట్టుకుని రమ్మంటాను. వస్తాడో రాడో తెలియదు. అమ్మ మాత్రం అప్పుడే రొట్టెకు పిండి కలుపుతోంది.

ఇట్లు,
నువ్వెంత కోప్పడినా నీకున్న ఒక్కగానొక్క అక్క,
సైమీ