వెన్న కరగని గది

ఏమోయ్,

నేనిక్కడ కులాసా. నువ్వూ, మీ అమ్మగారూ, ఇంకా పేరు కుదరని మన బుజ్జిదీ కులాసాగా ఉన్నారని నీ ఉత్తరంలో చదివాక మనసు కుదుటపడింది. ఇల్లు మాత్రం కులాసాగా లేదు, ఎండకు ఉడికిపోతోంది. ఫోన్‌లో నువ్వు అడిగినప్పుడల్లా నీళ్లు నములుతున్నానని, ఉన్నదంతా కాగితం మీద పెట్టమన్నావు కదా, పెడుతున్నాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వేళకు తింటున్నాను. మొక్కలకు నీళ్లు పోస్తున్నాను. ఒకటి పోయింది, ఏదని అడక్కు. ఇక "ఇల్లు చల్లబడటానికి ఏం కొన్నారు, మేమెప్పుడు రావాలి?" అన్నావు. అక్కడే నా బుర్ర తిరిగిపోతోంది.

మీ తమ్ముడు ఏసీయే కొనమంటాడు. "వాయిదాల్లో ఇస్తారు బావా, పసిపిల్ల ఉన్న ఇంటికి ఇంకా ఆలోచనేంటి?" అన్నాడు. ఏనుగును కొన్నాక మేపొద్దూ? కరెంటు బిల్లు తనేమన్నా కడతాడా? అయినా కొట్టుకు వెళ్లాను. డాబా మీద ఎండ నేరుగా పడుతుందని చెప్పగానే కొట్టువాడు అన్నిట్లోకీ పెద్దది చూపించాడు. ధర విని, ఆ కొట్లోనే కాసేపు చల్లగాలి పీల్చుకుని వచ్చేశాను.

పక్కింటి దర్జీ అక్క తన కూలర్ వాడి చూడమని ఇచ్చింది. చల్లదనం బయటికి పోకూడదని తలుపులూ కిటికీలూ బిగించి కూర్చున్నాను. గోడలు చెమర్చాయి, దిండు తడిసింది, డబ్బాలో బిస్కట్లు మెత్తబడ్డాయి. అక్క వచ్చి చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. "కిటికీ తీసి పెట్టాలి తమ్ముడూ! ఇల్లు చల్లబరిచావా, ఆవిరి మీద ఉడకబెట్టావా?" అంది. తీస్తే బాగానే ఉంది గానీ, ఆ మోతలో బుజ్జిది నిద్రపోతుందా అని ఇంకో అనుమానం. మా బేకరీ యజమానేమో డాబాకు సున్నం కొట్టమంటాడు. తలా ఒక మాట. పొద్దంతా పొయ్యి ముందు నిలబడి ఇంటికొస్తే, సామెత తిరగబడి, పొయ్యిలోంచి పెనం మీద పడ్డట్టుంటుంది నాకు. నాలాంటివాడికి ఏది చల్లనో ఏది కాదో ఏం తెలుస్తుంది?

చివరికి నాకు చేతనైన పని చేశాను. పఫ్‌ల పిండి మడిచేముందు మేం వెన్నను వేలితో నొక్కి చూస్తాం. వేలిగుర్తు నిలిస్తే సరే, వెన్న జారిపోతే గది వేడెక్కినట్టు. సెలవు రోజున గదికొక సాసరు పెట్టి, ఒక్కో వెన్నముద్ద వేశాను. మధ్యాహ్నానికి ముందుగదిలోది నూనై పారింది. పడగ్గదిలోది చదునైపోయింది. వంటింట్లోదాన్ని చీమలు పట్టుకుపోయాయి, దాని తీర్పు తెలియలేదు. సామాన్ల గదిలోది మాత్రం కాస్త మెత్తబడ్డా ముద్దగానే ఉంది, వేలిగుర్తు నిలిచింది! పక్కింటి ఎత్తుగోడ నీడ రోజంతా ఆ గది మీదే పడుతుందని ఇన్నేళ్లూ గమనించనే లేదు. ఖాళీ చెయ్యమని పెళ్లైనప్పటినుంచీ నువ్వు పోరుతున్న గదే అది. నవ్వుకో, నీ హక్కు.

తొక్కని సైకిలూ, తుప్పుపట్టిన బ్రెడ్డు అచ్చులూ పాతసామాన్లవాడికి ఇచ్చేశాను. డాబాకు సున్నం నేనే కొట్టాను. గది కిటికీకి దోమతెర బిగించి, ఒక చిన్న ఫ్యాను కొన్నాను. ఖర్చంతా అంతే.

ఇక్కడిదాకా రాసి కలం పక్కన పెట్టి, మళ్లీ తీశాను. ఇదంతా అయి రెండు వారాలు దాటింది. అయినా నువ్వు అడిగినప్పుడల్లా "ఇంకా ఏదీ తేలలేదు" అంటూ వచ్చాను. అబద్ధం చెప్పాను. నాకు భయం నా చేతులంటే.

పోయినసారి అక్కడికి వచ్చినప్పుడు బుజ్జిదాన్ని నా ఒళ్లో పెట్టి, "చూడండి, ఒళ్లు కాలుతోందా?" అన్నావు. నుదుటి మీద చెయ్యి వేసి, లేదన్నాను. మీ అమ్మగారు తాకీ తాకగానే "అయ్యో, పిల్ల ఒళ్లు పేలిపోతోంది!" అన్నారు. ఇన్నేళ్లుగా బేకరీ పొయ్యిలోంచి తీసిన వేడి రేకులు పట్టి పట్టి నా అరచేతులు కాయలు కాసి మొద్దుబారాయి. జ్వరం తగ్గింది, నువ్వా సంగతి మర్చిపోయావు. నేను మర్చిపోలేదు. రేపు నువ్వు పనికి వెళ్లిన పూట బిడ్డ నా దగ్గరే ఉండాలి కదా. కన్నబిడ్డకు జ్వరమొచ్చినా తెలియని తండ్రి చేతికి దాన్నెలా ఇస్తావు? అది తలచుకుంటే నాకు ఏమీ పాలుపోలేదు, అందుకే మీ రాక వాయిదా వేస్తూ పోయాను.

నిన్న ఉండబట్టలేక మా యజమానిని అడిగాను. ఆయన చేతులు నావాటికన్నా మొద్దు, అయినా నలుగురు పిల్లల్ని పెంచాడు.

"చేత్తో ఎవడు చూడమన్నాడురా? చెంప ఆనించి చూడు. చెంపతో రేకులు మొయ్యవు కదా!" అన్నాడు.

ఇంటికొచ్చి ముందుగది గోడకు చెంప ఆనించాను. చురుక్కుమంది. సామాన్ల గది గోడకు ఆనించాను. చల్లగా ఉంది. నాకు తెలుస్తోంది! పిచ్చివాడిలా గోడలకూ, బిందెకూ, కిటికీ ఊచలకూ చెంప ఆనిస్తూ ఇల్లంతా తిరిగాను. దర్జీ అక్క చూసి ఏమనుకుందో ఏమో.

ఫ్యాను ఏ మూల పెట్టాలో మాత్రం ఇంకా తేల్చుకోలేకపోతున్నాను, నువ్వొచ్చి చెప్పు. ఈ పొద్దున గడ్డం నున్నగా గీసుకున్నాను, పసిదాని ఒంటికి గుచ్చుకోకూడదు కదా. ఇక రోజూ అంతే. వచ్చెయ్యండి.

ఇట్లు,
బుజ్జిదాని నాన్న