గాడిదకు పక్కటెముకలు

నవంబర్ 9, ఆదివారం

ఆరాధన అయ్యాక కమిటీ మీటింగు. పండగకు ముందు జరిపే సెమీ క్రిస్మస్‌లో ఈసారి సండే స్కూల్ పిల్లల ఐటం వద్దన్నారు. కమిటీ పెద్ద సాల్మన్ గారు మర్యాదగానే అన్నారు — పోయినేడు అద్దె డ్రెస్సులు, ఊడిపోయిన రెక్కలు, మధ్యలో ఆపేయడం, పిల్లలు స్టేజీ మీదే ఏడవడం... ఏదీ మర్చిపోలేదు ఆయన. "ఈసారి స్క్రీన్ మీద వీడియో వేసేద్దాం సిస్టర్. అందరికీ సుఖం."

లేచి నిలబడ్డాను. డ్రెస్సులు వద్దు, సామాను వద్దు, మీ దగ్గర నుంచి గుండుసూది కూడా వద్దు, పది నిమిషాలు ఇవ్వండి చాలన్నాను. అనైతే అన్నాను. ఏం చేయిస్తానో నాకే తెలియదు.

ఇచ్చారు.

నవంబర్ 10

ఇంకా తెలియదు.

నవంబర్ 12

తెలిసింది!

ఎదురింటి బాలమణి అటక దులుపుతోంది. పాత సామాన్ల బండి వాడికి వేయాలని గడప బయట ఒక గోనెసంచి పెట్టింది. అందులోంచి నల్లటి రేకుల్లా ఏవో తొంగిచూస్తున్నాయి. లాగాను. ఎక్స్‌రేలు. వాళ్ల అత్తగారివి, ఆడబిడ్డవి, పేరు తెలియని చుట్టాలవి. ఒకటి ఎండకెత్తి చూశాను — చెయ్యి. ఊపితే వేళ్లు కదిలినట్టే అనిపించింది.

చిన్నప్పుడు తెనాలి దగ్గర ఊళ్లో ఒక్కసారి చూశాను తోలుబొమ్మలాట. తెర వెనక దీపం, తోలులోంచి రంగులు... ఇదీ అలాంటిదే కదా. వెలుగును రానిచ్చేదే.

"గవి ఏం జేస్కుంటవక్కా, పారేసేటియి."

బొమ్మలు చేస్తానన్నాను.

"బొమ్మలా, బొక్కలా?" అని నవ్వింది బాలమణి. ఎముకలను బొక్కలంటుంది. సంచి మొత్తం నా చేతికే ఇచ్చేసింది.

నవంబర్ 15

పెరట్లో టబ్బు నిండా బ్లీచింగు నీళ్లు. చేతులకు ప్లాస్టిక్ కవర్లు కట్టుకున్నాను. ఫిల్ము ముంచి కాసేపాగి తుడిస్తే నలుపంతా జారిపోతోంది. కింద లేత నీలం రేకు, అద్దంలా. ఈయన కిటికీ తెరిచి ఇదేం వాసన, ఇదేం పని అని గొణిగారు. కడిగిన రేకు ఒకటి కళ్లకడ్డంగా పట్టి చూపించాను. గొణుగుడు ఆగింది. సాయంత్రం చూస్తే తీగ మీద రేకులకు క్లిప్పులు పెడుతున్నది ఆయనే.

నవంబర్ 16, ఆదివారం

పిల్లలకు చెప్పాను. ఒకటే షరతు — ఏదీ కొనకూడదు. ఇంట్లో ఎవరికీ అక్కర్లేనిదే తేవాలి, అడిగి తేవాలి.

కథ ఏం వేద్దామని అడిగాను. కాపరులు, దూతలు, నక్షత్రం... అవన్నీ ఎప్పుడూ ఉండేవే. వెనక బెంచీలో కెజియా చెయ్యెత్తింది. ఈ పిల్ల నోరు విప్పడమే అరుదు. "అందరి గురించీ చెప్తారు టీచర్. కడుపుతో ఉన్న తల్లిని బేత్లెహేముదాకా మోసిన గాడిద గురించి ఎవ్వరూ చెప్పరు."

అంతే. అందరూ ఒకేసారి మాట్లాడారు. ముసలి గాడిద అట. బక్కది. సంతలో ఎవరూ కొననిది.

నవంబర్ 19

అడగకుండానే వస్తున్నాయి. గడ్డకట్టిన నెయిల్ పాలిష్ సీసాలు — రిమూవర్ చుక్క వేస్తే మళ్లీ పారుతోంది, రేకు మీద పూస్తే చర్చి కిటికీ అద్దాల్లా మెరుస్తోంది. విరిగిన గొడుగుల ఊచలు బొమ్మలు ఆడించే పుల్లలయ్యాయి. చినిగిన జాకెట్ల ప్రెస్ బటన్లు మోచేతికి, మోకాలికి కీళ్లు. టక్కున పడతాయి, ఎటు తిప్పితే అటు తిరుగుతాయి. ఇది నేనే కనిపెట్టాను. రాసుకోవాలి కదా ఎక్కడో ఒకచోట. ఇక్కడ రాసుకున్నాను.

నవంబర్ 20

ఘోరం. బాలమణి భర్త యాదగిరి మోకాలి ఎక్స్‌రే కూడా ఆ సంచిలోనే ఉందట, మొన్నటిది. ఎల్లుండి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లాలట. అది ఇప్పటికే సత్రం యజమాని తలపాగా అయిపోయింది, ఎర్రగా. ఆ తలపాగా పట్టుకుని వెళ్లి వాళ్ల గుమ్మంలో నిలబడ్డాను.

యాదగిరి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మోకాలు తలకెక్కింది" అన్నాడు. బాలమణి మాత్రం నవ్వలేదు.

నవంబర్ 22

డాక్టరు కంప్యూటర్‌లోనే చూశాడట. ఫిల్ము అడగనే లేదట. బాలమణి స్వయంగా వచ్చి చెప్పి, యాదగిరి పాత తెల్ల పంచె ఇచ్చి వెళ్లింది. తెరకు.

నవంబర్ 23, ఆదివారం

అన్నీ కుదిరాయి, గాడిద తప్ప. చిన్న రేకులు కలిపి కుట్టాను. వెలుగు ముందు పెడితే బాగా మేసిన కుక్కలా ఉంది. పిల్లలు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు. గాడిద లేకుండా గాడిద కథ ఏమిటి?

పెద్ద ఫిల్ము కావాలి, ఛాతీది. కడగకుండా. పక్కటెముకలు కనబడాలి. అప్పుడే అది ముసలిది, బక్కది అవుతుంది. సంచిలో ఉన్న ఛాతీలన్నీ ముందే కడిగేశాను.

ఇంట్లో ఒకటుంది. అత్తయ్య బీరువాలో, చీరల కింద, ఆసుపత్రి కవరులో. మామయ్య గారిది, చివరిసారి తీయించినది.

అడగను.

నవంబర్ 26

వంటింట్లో కూర తరుగుతున్నాను. అత్తయ్య వచ్చి పీట మీద కూర్చున్నారు. కుక్క సంగతి ఈయన చెప్పేశారట.

"పెద్దది కావాలంటగా."

అవునన్నాను, ఎక్కడో ఒకచోట దొరుకుతుందిలెండి అన్నాను. ఆవిడ లేచి వెళ్లారు. కవరు తెచ్చి కూరగాయల పక్కన పెట్టారు. చెయ్యి కడుక్కోవడానికి కూడా తోచలేదు నాకు.

"అత్తయ్యా... ఇది గాడిదకు."

"తెలుసులేవే." కవరు నా వైపు జరిపారు. తర్వాత — "వర్క్‌షాపులో ముప్ఫయ్యేళ్లు ఇనుము మోశాడు. ఇంట్లో మనందరినీ మోశాడు. మోయడం ఆయనకేం కొత్తా? ఇదీ మోయనీ."

కన్నీళ్లు లేవు. గొంతు కూడా మారలేదు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. "మూలన పేరుంది చూడు. అది మాత్రం కత్తిరించకు."

నవంబర్ 27

కత్తెర పట్టుకుని పొద్దంతా కూర్చున్నాను. కత్తిరించలేదు.

నవంబర్ 28

కత్తిరించాను. ఒక్క వంకర కూడా పోలేదు. పేరు తోక దగ్గరికి వచ్చింది.

డిసెంబర్ 6

రిహార్సల్ చూడ్డానికి సాల్మన్ గారు వచ్చారు. బల్ల మీద బొమ్మలు చూసి ఆగిపోయారు. "ఎక్స్‌రేలా? పండగపూట, సిస్టర్?" జబ్బుల వస్తువులు... పెద్దవాళ్లు ఏమనుకుంటారో... వీడియో సిద్ధంగానే ఉంది, ఇప్పటికైనా మించిపోయింది లేదు అన్నారు. పిల్లలు నా మొహం చూస్తున్నారు. పది నిమిషాలు ఇస్తానని అందరి ముందూ అన్నారు కదా, ఆ మాట ఒక్కటి నిలబెట్టండి అన్నాను. కటువుగానే అన్నాను. ఆయన తల ఊపి వెళ్లిపోయారు. ఊపింది అవుననో, కాదనో...

కెజియా గాడిద గొంతు బొంగురుగా సాధన చేస్తోంది. ఆపలేదు ఆ పిల్ల.

డిసెంబర్ 13, శనివారం

అయింది. పడుకునేలోపే రాస్తాను.

హాలు నిండింది. పాటలు, వాక్యం, సందేశం. ఆ తర్వాత వీడియోవాళ్లు లేస్తారేమోనని అటే చూస్తున్నాను. సాల్మన్ గారే మైకు అందుకున్నారు. "సండే స్కూల్ పిల్లలు" అన్నారు, అంతే. వెళ్లి లైట్లు ఆర్పించారు.

పంచె వెనక బల్బు వెలిగింది. ముందు సంత వచ్చింది — ఎరుపు, పచ్చ, వంగపండు రంగు. హాల్లో గుసగుసలు. తలపాగా ఊపుకుంటూ సత్రం యజమాని వస్తే ఆడవాళ్ల వైపు నుంచి బాలమణి గొంతు — "గది మా ఆయన మోకాలే." నవ్వులు. పండగ చూడ్డానికి మారేడ్‌పల్లి నుంచి చెల్లెలిని కూడా పిలుచుకొచ్చిందట.

అప్పుడు గాడిద. మెల్లగా, ఒక్కో కాలూ కదుపుతూ. ఒళ్లంతా నలుపు, మధ్యలో వరసగా వెలిగే పక్కటెముకలు. నవ్వులు ఆగిపోయాయి. "నన్నెవరూ కొనలేదు. ఆమె మాత్రం నా వీపు మీద చెయ్యి వేసింది" అని కెజియా అంది. బొంగురు గొంతు మర్చిపోయింది, తన గొంతుతోనే అంది.  

నేను తెర పక్కన, గొడుగు ఊచ పట్టుకుని. ముందు వరసలో అత్తయ్య. ఒళ్లో చేతులు పెట్టుకుని, తల కాస్త ముందుకు వంచి... గాడిద సత్రం చేరి వెనక్కి తిరిగినప్పుడు తోక దగ్గరి అక్షరాలు తెర మీద కనబడ్డాయి, చిన్నగా. అత్తయ్య పెదవులు కదిలాయి. చదువుకున్నారు.

చప్పట్లు ఎంతసేపో. పిల్లలను బయటికి పిలిస్తే ఒకరి వెనక ఒకరు దాక్కున్నారు. ఎవరూ ఏడవలేదు. నేను తప్ప, అదీ తెర వెనకే.

గెలిచాం!

డిసెంబర్ 14, ఆదివారం

క్రిస్మస్ రోజున మళ్లీ వేయమని కమిటీ అడిగింది. అల్వాల్‌లో ఒక చర్చి వాళ్లు కూడా రమ్మన్నారు. పొద్దున గేటు తీస్తే మెట్ల మీద రెండు సంచులు — గొడుగులు, గాజులు, క్యాసెట్లు, ఎవరివో వెన్నుపూసలు. ఈయన ఏమీ అనకుండా లోపల పెట్టారు. అత్తయ్య ఫోన్లో గుంటూరు చెల్లెలికి చెబుతున్నారు — "మా కోడలు చేసింది." ఆ మాట ఇంకోసారి వినాలని గుమ్మం వెనక కాసేపు నిలబడ్డాను.

డిసెంబర్ 16

సాయంత్రం సాల్మన్ గారు వచ్చారు. ఎప్పుడూ ఇంటికి రాని మనిషి. చంకలో గోధుమరంగు పెద్ద కవరు. ఆ కొలత ఇప్పుడు నాకు కళ్లు మూసుకున్నా తెలుస్తుంది.

టీ ఇచ్చాను. తెర మీద ఆ పేరు చూశానన్నారు. వర్క్‌షాపులో తను కుర్రాడిగా చేరినప్పుడు మామయ్య గారే పని నేర్పారట. అత్తయ్య కూడా వచ్చి కూర్చున్నారు. క్రిస్మస్ రోజు లైట్ల గురించి మాట్లాడారు, పిల్లలకు మైకు గురించి మాట్లాడారు. తర్వాత ఆగి — "ఆ ఫిల్ము ఇచ్చేయడానికి... మీకెట్లా మనసొప్పిందమ్మా?"

అత్తయ్య ఆయన వైపు చూశారు. "నాకూ చాలా రోజులు పట్టింది, నాయనా."

రెండేళ్ల కిందట పోయారు ఆయన భార్య. ఆ సంగతి ఎవరమూ ఎత్తలేదు. ఆయన వేళ్లు కవరు అంచు మీద అటూ ఇటూ. ఇస్తారేమోనని నేను చెయ్యి చాపబోయి ఆగాను. టీ చల్లారిపోయింది. ఆయన లేచి, కవరు మళ్లీ చంకలో పెట్టుకున్నారు.

గేటు దగ్గర వెనక్కి తిరిగారు. "కొత్త కథలో... పక్షి ఏమైనా ఉంటుందా, సిస్టర్?"

కొత్త కథ ఇంకా అనుకోలేదు. ఉంటుందన్నాను.